వెనక రెండు రేకులు

బండి నెత్తిన మోకాళ్ళ మీద కూచుని మాణిక్యాంబ నురగ రుద్దుతోంది, ఎంత రుద్దినా వెనక కొస రావడం లేదు, ఇరవై రెండడుగుల బండి రైలుపెట్టెంత సాగింది, దాని ముక్కు కాలవ గట్టు మీద, వెనక చక్రాలు రేవులో పిక్కలోతు నీళ్ళలో. ఎండ కాస్తోంది గాని సూర్యుడు ఎక్కడా కనపడడు. నురగ జారి కాలవలో పడి పారకుండా అక్కడే తెల్లగా గడ్డకడుతోంది, అది ఉప్పని ఆమెకి తెలుసు, రేపు బయల్దేరి ఆగుతూ ఆగుతూ పది పన్నెండు రోజులు పోతే గాని రాని గుజరాత్ ఉప్పునేల, వీళ్ళెప్పటికి వస్తారోనని ఓపిక పట్టలేక ఇవాళే కాలవలోకి దిగి వచ్చినట్టుంది. అందులో ఆమెకి వింతేమీ తోచదు. తోచేది ఒక్కటే, బండి మెరవాలి.

గట్టు మీదుగా సాంబాచారి వస్తున్నాడు. పోయి పది నెలలైన మనిషి. పొద్దున్నే ఆటోనగర్ షెడ్డుకి బయల్దేరేటప్పటిలాగే చెవి మీద పెన్సిలు, భుజాన తువ్వాలు, ఒంటికంటే ఒక జానెడు ముందు నడిచే ఛాతీ. ముప్ఫై రెండేళ్ళు బస్సులకి బాడీలు కట్టిన మేస్త్రి, తను కట్టిన బస్సు ఎదురైతే చాలు, పెళ్ళికూతురి తండ్రిలా రోడ్డు పక్కకి జరిగి, అది మలుపు తిరిగేదాకా చూసి గాని కదిలేవాడు కాదు. ఇప్పుడూ అలాగే నడుం మీద చేతులు పెట్టుకుని బండిని కిందనుంచి పైదాకా చూస్తున్నాడు.

"ఆ గుడ్డ ఎక్కడిదే మాణిక్యం?"

ఆమె చేతిలోకి చూసుకుంటుంది. జరీ అంచు పంచె, నురగలో నాని ముద్దయి ఉంది.

"మీ పంచే. మెత్తబడింది కదా, పాలిష్‌కి గీత పడదు."

"బతికున్నన్నాళ్ళూ నాకు పని తగ్గించుకోమని చెప్పి, పోయాక నా పంచెకి పని పెట్టావు."

"బీరువాలో కూచుని అదేం చేస్తుంది? మీరూ ఖాళీగానే ఉన్నట్టున్నారు, ఆ మైనం డబ్బా ఇలా అందుకోండి."

ఆయన అందుకోడు, డబ్బా ఆమె పక్కనే ఉంది, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు. సాంబాచారి బండి చుట్టూ తిరుగుతున్నాడు, సంతలో పుచ్చకాయ ఏరేవాడిలా వేలి కణుపుతో రేకు మీద కొట్టి చెవి పెట్టి వింటున్నాడు, కొట్టిన చోటల్లా బండి ఆయనకి ఊఁ అంటోంది. ఎంతమందికో బస్సులు కట్టి ఇచ్చిన మనిషి తనకోసం కట్టుకున్న బండి ఇదొక్కటే. లోపల రెండు మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మూలన మనిషి నిలబడేంత స్నానాల గది, చక్రాల మీద ఇల్లు. షెడ్డు గోడ మీద ఏనాటిదో క్యాలెండరు ఒకటి ఉండేది, బొమ్మలో కనుచూపు మేర తెల్లటి నేల. టీ తాగడానికి వచ్చిన వాళ్ళందరికీ ఆయన అది చూపించేవాడు, అది మంచు కాదు ఉప్పు, ఆ గాలికి ఏ బండి రేకైనా ఏడాదిలో తుప్పు తింటుంది, నాది తినదు, తోలుకెళ్ళి చూపిస్తాను అనేవాడు.

"చాసీ కింద గ్రీజు పట్టించావా?"

"పట్టించా. మైనం కూడా. సత్యం అన్నయ్య కిందికి దూరనంటే నేనే దూరా."

"వాడు లారీ తోలినన్నాళ్ళూ పైనుంచి కిందికి దిగితే ఒట్టు. రేపు తోలేది వాడేనా?"

"ఆయనే. పక్క సీటులో ఆయన పెళ్ళాం, మీ చెల్లెలు తాయారు. ఊరు దాటకముందే పులిహోర డబ్బా విప్పుతుంది చూడండి."

ఆయన నవ్వుతున్నాడు, నవ్వుతూనే వెనక వైపు పోతున్నాడు.

"వెనకేం చూస్తారు, ముందు అద్దం చూడండి, మొహం కనపడేట్టు తుడిచా."

"నా మొహం ఇప్పుడు ఏ అద్దంలో కనపడుతుందే. వెనక చూస్తా."

నిచ్చెన ఎక్కకుండానే నెత్తిమీద ఉన్నాడు. వంగి, బియ్యంలో రాళ్ళు ఏరే ఆడదానిలా వేళ్ళతో రివెట్ల వరస తడుముకుంటూ పోతున్నాడు, మధ్య రేకు దాటి, దాని తర్వాతి అతుకు దాటి, చెయ్యి ఆగింది.

"ఇక్కణ్ణించి ఎవరు కొట్టారు?"

"మీరే."

"మాణిక్యం."

"మీరే కొట్టారు. ఆటోనగర్ అంతటికీ తెలుసు, చుట్టాలందరికీ తెలుసు."

"వాళ్ళకి తెలిస్తే తెలిసింది. నాకు తెలీదుగా."

ఇప్పుడు బండి కింద కాలవ లేదు, షెడ్డు ఉంది, షట్టరు దించి ఉంది, అటు నాలుగు షెడ్లు ఇటు నాలుగు షెడ్లు సుత్తి దెబ్బలతో మోగిపోతున్నాయి, ఆ మోతలో ఇంకో సుత్తి మోగితే పట్టించుకునే నాథుడు లేడు. మాణిక్యాంబ చెబుతోంది, చెబుతున్నకొద్దీ అది కళ్ళముందు జరుగుతోంది. పెద్దకర్మ అయిన మర్నాడు షెడ్డుకి వచ్చి షట్టరు దించుకుంది. లోపల కూచుని ఏడుస్తోందనుకుని అందరూ మర్యాదగా దూరంగా ఉన్నారు. నెత్తిన ఇంకా రెండు రేకులు పడాలి, వెనక భాగమంతా ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది. పెళ్ళయిన కొత్తలో మనిషిని పెట్టుకునే స్తోమతు లేనప్పుడు ఆయన పైనుంచి సుత్తితో కొడుతుంటే లోపలనుంచి రివెట్టుకి అడ్డంగా ఇనప దిమ్మె పట్టుకున్నది ఆమే, ఆరేళ్ళు పట్టుకుంది, ఏ దెబ్బకి రివెట్టు కూచుందో అరచెయ్యే చెప్పేది. పని తెలుసు. కాని పని ఇద్దరిది, మనిషి ఒక్కతే.

"దిమ్మె ఎవరు పట్టుకున్నారు?" ఆయన అడుగుతున్నాడు, అడగడంలో కోపం లేదు, పనివాడి ఆరా.

"జాకీ. దాని మీద దుంగ నిలబెట్టి, దుంగ మీద దిమ్మె పెట్టి, రివెట్టుకి ఆనేదాకా జాకీ ఎత్తేదాన్ని. అప్పుడు పైకెక్కి కొట్టడం. మళ్ళీ దిగి జాకీ జరపడం."

"ఒక్కో రివెట్టుకీనా?"

"మరి."

"రెండు రేకులకీ కలిపి నూట పన్నెండు."

"ఏడు రోజులు పట్టింది. మోకాళ్ళు ఇంకా నన్ను తిడుతూనే ఉన్నాయి."

సాంబాచారి ఒక కన్ను మూసి వరస వెంబడి చూపు సారిస్తున్నాడు, కుర్రతనంలో తిన్నగా ఉందో లేదోనని దారం గుంజి చూసుకున్నట్టు. ఆమె ఇంకా ఆగలేక అసలుది చెప్పేస్తుంది, ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున పట్టుకున్నది.

"సాంబాచారి చివరి బండి సగంలో ఆగిపోయిందని ఎవరూ అనకూడదని, ఆఖరి రేకు దాకా మీరే వేసి పోయారని చెప్పా. ఇవాళ పొద్దున రేవులోకి దింపి పైపు పెట్టి కడిగామా, లోపలికి వచ్చి చూస్తే వెనక మంచం తడిసింది. సరిగ్గా నా అతుకు కింద. పరుపు తిరగేసి పరిచా, తాయారుకి చెప్పలేదు. తెల్లారితే బయల్దేరాలి. దారిలో ఒక్క వాన పడిందంటే నా చేతిపని మీ పేరు మీద కారుతుంది. ఆపేద్దామంటే ఏం చెప్పి ఆపను?"

"నా బండి కారడం ఏంటి?"

"అదే కదా నేనూ అంటున్నది."

"ముప్ఫై రెండేళ్ళలో ఒక్క బండి కారిందన్న మాట రాలేదు."

"ఇది నాది కాబట్టి కారింది."

"పద, చూద్దాం."

లోపల ఇంకా పొడుగ్గా ఉంది, పొయ్యి దాటితే మళ్ళీ పొయ్యి, కిటికీలు దాటితే మళ్ళీ కిటికీలు, బయట తెల్లటి నేల మెల్లగా వెనక్కి పోతోంది గాని బండి కదలడం లేదు. వెనక మంచం దగ్గర ఆయన చెప్పులు విడిచి, పెన్సిలు తీసి జేబులో పెట్టుకుని, వెల్లకిలా పడుకున్నాడు.

"నువ్వూ పడుకో."

"పట్టపగలా."

"కారిన చోటు నిలబడి చూసేవాడికి దొరకదే, పడుకుని చూసేవాడికి దొరుకుతుంది. నా పనిలో సగం పడుకునే చేశాను, నీకు తెలీదూ."

ఆమె ఆయన పక్కన ఒదిగి పడుకుంటుంది. ఆయన ఒంటినుంచి ఇనప పొడి వాసన, ఎండలో పెట్టిన రేకు వాసన. ఆయన పైకి వేలెత్తి, అందనంత ఎత్తున్న సీలింగు ప్లైవుడ్‌ని అందుకుని, తడి మచ్చ మీద ఆనించి, వేలిని మెల్లగా ముందుకి పోనిస్తున్నాడు. వేలు పొయ్యి మీదుగా పోతోంది, స్నానాల గది తలుపు మీదుగా పోతోంది, ఆయన పడుకునే ఉన్నాడు, వేలు మాత్రం డ్రైవరు సీటు దాకా పోయింది.

"బండి ఎలా నిలబెట్టారు కడిగేటప్పుడు?"

"ముక్కు గట్టు మీదికి, వెనక రేవులోకి."

"ఆఁ. పైన దూరిన నీళ్ళు పల్లానికి కాక ఎటు పోతాయి? నీ అతుకు దగ్గరికి వచ్చి దిగాయి గాని, నీ అతుకులోంచి రాలేదు." వేలు ఆగిన చోట ఆయన గొంతూ కాస్త ఆగింది. "డ్రైవరు నెత్తిమీది అతుకు ఎవరిది?"

"మీదే." ఆమె చెప్పాలనుకోదు, నోరు చెప్పేస్తుంది. "ఆ రోజుది."

ఆ రోజు అంటే ఇద్దరికీ తెలుసు. పొద్దుటినుంచి ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు, అయినా ముందు వైపు మిగిల్చి ఉంచిన ఆ అతుకు పూర్తి చేసే దిగుతానన్నాడు, చేసి దిగాడు, టీ గ్లాసు అందుకుని బల్ల మీద కూచున్నవాడు మళ్ళీ లేవలేదు. ఈ పది నెలల్లో ఆమె బండిలో అంగుళం వదలకుండా తుడిచింది గాని ఆ అతుకు వైపు మాత్రం తలెత్తి చూడలేదు.

సాంబాచారి లేచి కూచున్నాడు. తప్పు చేసిన మొహం కాదది, ఛాతీ ఎప్పటిలాగే జానెడు ముందుంది.

"సరే, కారింది. ఒకటి. ఆఖరి రోజు ఆఖరి అతుకు. దానికి ముందుది ఒక్కటి చూపించమను ఎవణ్ణైనా."

"ఎవరు చూపించగలరు."

"నీది కారలేదు చూడు." ఆ మాట ఆయన రెండుసార్లు అన్నాడు, రెండోసారి తనలో తను అనుకున్నట్టు. "జాకీ మీద దుంగ పెట్టి. నాకు తట్టలేదే అది. తట్టి ఉంటే ఇద్దరు మనుషులు తగ్గేవారు షెడ్డులో."

"పొగిడింది చాలు."

"పొగడ్డం లేదు. నా పేరెందుకు చెప్పావని అడుగుతున్నా. నేను వేసినవి నాకు చాలవనుకున్నావా? నేను వెయ్యని రేకు నాదని చెప్పుకు తిరిగే రకాన్నా నేను?"

ఆమెకి కోపం వస్తుంది, పది నెలల తర్వాత మొగుడి మీద వచ్చిన కోపం ఎంత హాయిగా ఉందో అనిపిస్తుంది. "మీ పరువు కోసమే కదా చేసింది."

"నా పరువు కారుతున్నదానితో సహా నాది. నీ రెండు రేకులూ నువ్వు తీసుకో."

వాళ్ళిద్దరూ మళ్ళీ నెత్తిమీద ఉన్నారు, ఆయన పంచె మడిచి మైనంలో అద్ది వెనక రేకుని గుండ్రంగా, గుండ్రంగా రుద్దుతున్నాడు, రుద్దినకొద్దీ అందులో తెల్లటి నేలా, ఆ నేల మీద నిలబడ్డ బండీ, బండి పక్కన కొంగు ఎగురుతూ ఆమే కనపడుతున్నారు. "మీరూ రండి" అంటోంది ఆమె, "మంచం ఇద్దరికి సరిపోతుంది" అంటోంది. ఆయన చెవి మీద పెన్సిలు సర్దుకుని, నాకు షెడ్డులో పనుందే అన్నట్టు తల ఊపి, రేకు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు, మళ్ళీ చరిచాడు, ఆ చప్పుడు బయటనుంచి వస్తోంది.

"వదినా, మైనం ఎండిపోతోంది. ఒక్క నిమిషం నడుం వాలుస్తానని గంట చేశావు."

తాయారు బండి పక్కన చరుస్తోంది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడింది. మాణిక్యాంబ తిరగేసిన పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉంది. బండి ఇంకా ముక్కు గట్టు మీదికెత్తి రేవులోనే ఉంది. పొద్దున తను నిలబడి చూసిన తడి మచ్చ పైన ప్లైవుడ్ మీద అరచెయ్యంత ఉంది. దానికి ఒక తోక ఉంది. వేలంత వెడల్పున, లేత గోధుమ రంగులో, సీలింగు వెంబడి పొయ్యి మీదుగా, స్నానాల గది తలుపు మీదుగా, డ్రైవరు నెత్తి దాకా.

ఆమె లేవలేదు. చాలాసేపు అలాగే చూసింది.

తాయారు తలుపులోంచి తల పెట్టి, వదిన చూస్తున్న వైపు తనూ చూసి, చేతిలోని గుడ్డ గుండెకి ఆనించుకుంది.

"కారిందా? అన్నయ్య బండి కారడమేంటి వదినా?"

"ముందు అతుకు కారింది. ఆ రోజు వేసిందది, ఒంట్లో బాలేక చెయ్యి జారి ఉంటుంది. సీలెంటు పెడితే సాయంత్రానికి ఆరుతుంది, తెల్లారి బయల్దేరడమే." మాణిక్యాంబ లేచి కూచుని జుట్టు ముడేసుకుంది. "వెనక రెండు రేకులు మాత్రం మీ అన్నయ్యవి కావు. నేను వేశా. అవి కారలేదు."

తాయారు కాసేపు వదిన చేతుల వైపు చూసింది. తర్వాత గట్టెక్కి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, బండి నెత్తి మీదికి ఈ చివరనుంచి ఆ చివరకి చూసి, మళ్ళీ మొదటినుంచి చూసి, కేకేసింది.

"పైకెక్కి చూపించు వదినా, ఏ రేకు ఎవరిదో ఇక్కణ్ణించి నాకు తేడా తెలీట్లేదు."