ఒత్తు లేని కలమానిడ్జేలు

జుంబర్ కలమానిడ్జే ఇంటి ముందు గోడకి తగిలించిన బోర్డులో ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. పైన పెద్దక్షరాలతో "ప్రఖ్యాత కలమానిడ్జేలు" అని ఉంటుంది. మొదటి పేరు జార్ కాలంలో మీసాలతో పేరు తెచ్చుకున్న ఒక జనరల్‌ది. రెండోది ఒపేరాలో బొంగురు గొంతుతో పాడిన పోర్ఫిలేది. మూడోవాడు కుస్తీ యోధుడు, నాలుగో ఆయన ఒక గడ్డిమొక్కకి తన పేరే పెట్టుకున్న ప్రొఫెసరు. అక్కడిదాకా బాగానే ఉంది. ఏడో పేరు దాటాక జారుడు మొదలవుతుంది. టీవీలో రెండు నెలలు వాతావరణం చదివినావిడ, ఫుట్‌బాల్ ఆటలో తప్పు కార్డు చూపించి పేపర్లో పడ్డ రిఫరీ, పొగాకు ఇన్‌స్పెక్టరు, ఒడెస్సాలో పళ్ళ డాక్టరు. చిట్టచివరి పేరు జుంబర్‌దే. కింద "వంశ చరిత్రకారుడు" అని బంగారు రంగులో. పాపం, జనరల్‌కి కూడా అంత బంగారం పూయలేదు.

ఆ బోర్డు మీద దుమ్ము తుడిచేది జుంబర్ భార్య మక్వాలా. ఇరవై తొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తోంది. పెళ్ళయిన కొత్తలో మొగుడు "మా ఇంటిపేరు కలం నుంచి వచ్చింది, మావాళ్ళు రాజుగారి లేఖకులు" అంటే నమ్మింది. కలం అంటే మా దగ్గరా కలమే కదా. కానీ ఈ రాజుగారి లేఖకుల వారసుడు కరెంటాఫీసుకి ఒక అర్జీ రాయాలంటే మూడు కాగితాలు చింపి చివరికి భార్య చేతే రాయించుకునేవాడు. అప్పట్నుంచి ఆవిడకి అనుమానం.

ఏటా అక్టోబరు ఆఖరి ఆదివారం, ద్రాక్షకోత అయిపోయాక, జుంబర్ దేశంలో ఉన్న కలమానిడ్జేలందర్నీ పిలిచి విందు పెడతాడు. తెలావికి దిగువన ఉన్న ఆ ఊళ్ళో వేరే కలమానిడ్జేలు లేరు. అందరూ రాచా కొండల నుంచీ, కుతైసీ నుంచీ, రాజధాని తిబిలీసీ నుంచీ రావాలి. వస్తారు. వచ్చి తిని, తాగి, జుంబర్ ఉపన్యాసం విని, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కుతారు. కిందటేడాది అలా వచ్చినవాళ్ళలో ఒపేరా పోర్ఫిలే మునిమనవడు జాల్ ఉన్నాడు. పశువుల డాక్టరు. పశువుల డాక్టరంటే జుంబర్‌కి చిన్నచూపే. అయినా ముత్తాత ముఖం చూసి, కూతురు నెస్తాన్‌ని పిలిచి అతని పక్కన కూర్చోబెట్టి, "అమ్మా, వీడు నీకు అన్న, బాగా చూసుకో" అన్నాడు.

నెస్తాన్ బాగానే చూసుకుంది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నారు.

మా దగ్గర ఒక ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకోరు. వందేళ్ళ కిందట విడిపోయినా, ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎప్పుడూ చూడకపోయినా, పేరు ఒకటైతే తోబుట్టువులే. ఏ పాదిరీ పెళ్ళి చెయ్యడు, ఏ ఇరుగుపొరుగూ విందుకి రారు. జుంబర్ మామూలుగా ఏ కట్టుబాటుకీ లొంగే రకం కాదు, ఉపవాసాల్లో కూడా మాంసం తినేవాడు. ఈ ఒక్క కట్టుబాటు మాత్రం ఎక్కడలేని పట్టుదలతో పట్టుకున్నాడు. ఈ సంవత్సరం విందులో ఒక పని చేస్తానని నాలుగు రోజుల నుంచీ చెబుతున్నాడు. మా విందుల్లో ఒక్కొక్కరి పేరు మీద అందరూ కలిసి గ్లాసులెత్తుతారు, అలాంటి నాలుగో తాగుడికి అందరి ముందూ జాల్‌నీ నెస్తాన్‌నీ నిలబెట్టి, అన్నాచెల్లెళ్ళుగా ఒక కొమ్ముపాత్రలో తాగిస్తాడట. అలా పెద్దల ముందు కలిసి తాగితే అది ఒట్టు. దాన్ని తెంచుకున్నవాళ్ళని మా ఊళ్ళో కుక్కకిచ్చే మర్యాద కూడా ఇవ్వరు.

నెస్తాన్ ఏడవలేదు. తెలావిలో మందుల షాపులో పనిచేసే పిల్ల, అంత తేలిగ్గా ఏడ్చే రకం కాదు. నాన్న తాగమంటే తాగుతాను, తెల్లారి నుంచి ఈ ఇంట్లో ముద్ద ముట్టను, ఇంకెవర్నీ చేసుకోను అని తల్లికి చెప్పి, వంకాయలు చీల్చి వాల్‌నట్ ముద్ద కూరుతూ కూర్చుంది. జాల్‌కి సముద్రం వైపు ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున వెళ్ళిపోతాడు.

ఆదివారం పొద్దున్నే మక్వాలా మొగుడి దగ్గరికి వెళ్ళింది. అతను అద్దం ముందు టై కట్టుకుంటున్నాడు. టై మీద గుర్రాలున్నాయి.

"జుంబర్, ఆ రాయి సంగతి అందరికీ చెప్పెయ్యరాదూ," అంది.

"ఏ రాయి?"

"ఏ రాయో నీకు తెలుసు. మెట్టు."

ఈ మెట్టు కథ ఇంట్లో వీళ్ళిద్దరికే తెలుసు. జుంబర్ తాత శిమోన్ ఈ ఊళ్ళోనే చనిపోయాడు. జుంబర్ నాన్న చిన్నప్పుడే రష్యాలో బొగ్గుగనుల ఊరికి పోయి అక్కడే పెళ్ళాడాడు, జుంబర్ అక్కడే పుట్టి, పెద్దయ్యాకే తాత ఊరికి తిరిగొచ్చాడు. వాళ్ళ కాగితాలన్నీ రష్యన్‌లోనే. మా అక్షరాల్లో గొంతు బిగించి పలికే క వేరు, గాలి వదిలి పలికే ఒత్తు ఖ వేరు. రష్యన్ వాడికి రెండూ ఒకటే, ఒకే అక్షరం పెట్టి తోసేస్తాడు. తర్వాత దేశం రష్యా నుంచి విడిపోయి కొత్త పాస్‌పోర్టులు ఇస్తుంటే, ఆఫీసులో గుమాస్తా "అన్నా, నీది ఏ క" అని అడిగాడు. జుంబర్ ఆలోచించనుకూడా లేదు. "కలం క" అన్నాడు. అంతే, లేఖకుడైపోయాడు.

పదేళ్ళ కిందట తాత సమాధికి నల్ల గ్రానైట్ వేయించి, దాని మీద తాత బొమ్మ నిలువెత్తు చెక్కించాడు. తాతకి లేని టై కూడా వేయించాడు. పాత రాయి తీసి ఇంటికి తెచ్చాడు. నాచు గీకి చూస్తే దాని మీద మా అక్షరాల్లో, లోతుగా, "శిమోన్ ఖలమానిడ్జే" అని ఉంది. ఒత్తు ఖ. ఖలమాని అంటే మా రైతులు పూర్వం కాళ్ళకి చుట్టుకునే పచ్చితోలు చెప్పు. అది చూసి జుంబర్ మొహం మాడిపోయింది. చెక్కినవాడు తాగి చెక్కాడన్నాడు. రాయిని బోర్లా తిప్పి, ద్రాక్షసారా జాడీలు పాతిపెట్టిన నేలమాళిగకి మెట్టుగా వేసేశాడు. పదేళ్ళుగా మక్వాలా దాని మీద అడుగు పెట్టకుండా పక్కనుంచి దిగుతోంది. మొగుడు మాత్రం దర్జాగా తొక్కుకుంటూ పోతాడు.

ఇప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. మనం ఒత్తు ఖ వాళ్ళమని ఒప్పుకుంటే, జాల్ వేరే ఇంటిపేరువాడవుతాడు, పిల్ల పెళ్ళి అవుతుంది. జుంబర్ టై ముడి సరిచేసుకుని, నలభైమంది కలమానిడ్జేలు వస్తున్నారు, వాళ్ళందరి ముందూ నన్ను చెప్పుల జాతివాణ్ణని చెప్పుకోమంటావా అన్నాడు. జనరల్ ఏమనుకుంటాడు అన్నాడు. జనరల్ పోయి నూటపదేళ్ళయింది.

మక్వాలా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి గోడకి రొట్టెలు అంటించడం అయ్యాక, ద్రాక్షతోటలో గుంజలు పీకే గునపం తీసుకుని మాళిగ వైపు వెళ్ళింది. యాభై ఆరేళ్ళ మనిషి. రాయి ఒకంతట కదల్లేదు. కింద ఇటుక ముక్క పెట్టి, గునపం మీద కూర్చున్నంత పని చేసి, తిప్పింది. పదేళ్ళ బురద. ఆవిడ నీళ్ళు పోసి, గిన్నెలు తోమే పీచుతో ప్రతి అక్షరం తోమింది. ఆఖరికి, బారసాల బిడ్డని తుడిచినట్టు, కొంగు లాంటి తన తలగుడ్డతో తుడిచి, మెట్టు స్థానంలోనే వెల్లకిలా వదిలేసి వచ్చింది.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. ద్రాక్షకొమ్మల నిప్పుల మీద మాంసం కాలుతోంది. పెద్దాయన సెవెరియన్ బాబాయి ఎవరి పేరున తాగాలో చెప్పే పెద్దరికంలో కూర్చున్నాడు. రాచా కొండల మనిషి, ఎనభై దాటాడు, అసలు సిసలు ఒత్తు లేని కలమానిడ్జే. ఒక తాగుడు దేవుడికి, ఒకటి దేశానికి, ఒకటి పోయినవాళ్ళకి అయ్యాయి. మధ్యలో జుంబర్ లేచి బోర్డు మీది పేర్లన్నీ చదివాడు. రిఫరీ దగ్గరికి వచ్చేసరికి సగంమంది మళ్ళీ తినడంలో పడ్డారు. రిఫరీ మాత్రం స్వయంగా వచ్చి ఉన్నాడు కాబట్టి లేచి దండం పెట్టాడు.

ఇక నాలుగో తాగుడు. దీనికి మామూలు సారా పనికిరాదు, తాత పాతిన జాడీలోది తేవాలన్నాడు జుంబర్. జాల్ చేతికి కూజా ఇచ్చి, "నీ చెల్లెలి కోసం నువ్వే తెచ్చుకో నాయనా" అని నవ్వాడు. జాల్ తల దించుకుని వెళ్ళాడు. నెస్తాన్ పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది.

వెళ్ళినవాడు ఖాళీ కూజాతో తిరిగొచ్చాడు.

"ఏం నాయనా, జాడీ మూత రాలేదా?" అన్నాడు సెవెరియన్.

"మెట్టు తొక్కలేకపోయాను బాబాయ్. అది సమాధి రాయి."

సెవెరియన్ కర్ర ఊతంతో లేచాడు. ఆయన వెనక నలభైమందీ, చేతుల్లో ఎముకలతో, గ్లాసులతో, మాళిగ దగ్గరికి నడిచారు. ఎవరూ రాయికి అడుగు దూరం లోపలికి వెళ్ళలేదు. పెద్దాయన వంగి, వేలితో అక్షరాలు తడుముతూ చదివాడు. ఒత్తు ఖ దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"శిమోన్ ఎవరు?"

"మా మామగారి నాన్న," అంది మక్వాలా.

జుంబర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. గుర్రాల టై పక్కకి పోయింది. చెక్కినవాడు తాగి ఉన్నాడనీ, ఒక్క అక్షరం తప్పనీ, అసలది కలం క అనీ గబగబా చెప్పుకొచ్చాడు.

సెవెరియన్ ఓపిగ్గా విన్నాడు. "సరే. అక్షరం చెక్కినవాడు తప్పు చేశాడనుకుందాం. రాయిని కాళ్ళ కింద వేసింది కూడా వాడేనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. రిఫరీయే అయి ఉంటాడు.

అప్పుడు మక్వాలా అతని పక్కకి వచ్చి, అందరికీ వినపడేలాగే, కానీ ఉప్పు అందించమన్నంత మామూలుగా అంది. "రెండే దార్లున్నాయి జుంబర్. చెక్కినవాడు తప్పు చేస్తే నువ్వు కలమానిడ్జేవి, సొంత తాత సమాధిని పదేళ్ళు తొక్కిన కలమానిడ్జేవి. వాడు కరెక్టయితే నువ్వు ఖలమానిడ్జేవి, చెప్పులు కుట్టినవాళ్ళ మనవడివి. ఏది కావాలో పెద్దల ముందే చెప్పు."

కాలుతున్న మాంసం మాడిపోతున్న వాసన వస్తోంది, ఎవరూ కదల్లేదు. జుంబర్ రాయి వైపు చూశాడు, గోడ మీది బోర్డు వైపు చూశాడు. జనరల్, పోర్ఫిలే, కుస్తీ యోధుడు, అందరూ ఒక్కొక్కళ్ళే బస్సెక్కి వెళ్ళిపోతున్నట్టు అతని మొహం వేలాడిపోయింది. అప్పుడు అతని చూపు జాల్ మీద పడింది. పోర్ఫిలే మునిమనవడి మీద. కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. ఆ కనుబొమల సంగతి ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ తెలిసిన మక్వాలా, అమ్మయ్య అనుకుని తలగుడ్డ ముడి వేసుకుంది.

"ఒత్తు ఖ," అన్నాడు జుంబర్. "మేం ఒత్తు ఖ వాళ్ళమే. మొదట్నుంచీ నాకు తెలుసు." తర్వాత గొంతు సవరించుకుని, చెప్పులు లేకుండా ఏ సైన్యం నడిచింది, మా ఖలమానిడ్జేల చెప్పులు వేసుకునే జనరల్ కొండలు దాటాడు అని మొదలుపెట్టాడు. ఇక ఆ జనరల్‌గారి వంశమూ, ఒపేరా గొంతువారి వంశమూ తనకి వియ్యాలవారు కాబోతున్నారన్నాడు. రక్తసంబంధం కంటే వియ్యం గొప్పదన్నాడు, ఎందుకంటే దీన్ని మనం ఎంచుకుంటాం కదా అన్నాడు. రెండు నిమిషాల కిందట కాళ్ళ కింద భూమి పోయిన మనిషి.

సెవెరియన్ ఆ ఉపన్యాసం సాంతం వినలేదు. "ముందు ఆ రాయిని దాని చోట పెట్టి రా. అప్పటిదాకా ఎవరమూ గ్లాసు ఎత్తం," అన్నాడు. జాల్ సాయం పట్టబోతే కర్రతో ఆపాడు.

రెండొందల గజాలు. జుంబర్ ఒక్కడే రాయిని తోపుడు బండి మీద పెట్టుకుని, గుర్రాల టై భుజం మీదికి వేసుకుని, స్మశానం దాకా తోసుకుంటూ పోయాడు. దారిలో రెండుసార్లు బండి చక్రం కూరుకుపోయింది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి అతను చక్రాన్ని తిడుతున్న తిట్లు వినపడుతూనే ఉన్నాయి. ఆ తిట్లు మటుకు లేఖకుల తిట్లు కావు.

అతను తిరిగొచ్చాక నాలుగో తాగుడు అయ్యింది. అన్నాచెల్లెళ్ళది కాదు. మెట్టు లేని మాళిగలోకి జాల్ ఒక్క గెంతు గెంతి సారా తెచ్చాడు, నెస్తాన్ పైనుంచి కూజా అందుకుంది. ఇద్దరి చేతులూ కూజా మీద కాస్త ఎక్కువసేపే ఉన్నాయి. రాచా వాళ్ళు చూసి చూడనట్టు ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున మక్వాలా గుడ్డ తీసుకుని బోర్డు తుడవడానికి వెళ్తే, జుంబర్ అప్పటికే నిచ్చెన ఎక్కి ఉన్నాడు. పైన "ప్రఖ్యాత కలమానిడ్జేలు" కింద, తడి రంగుతో, "మా వియ్యాలవారు" అని రాస్తున్నాడు. "వియ్యా" దగ్గర తప్పు రాసి, చెరిపి, మళ్ళీ రాశాడు.

"బంగారు రంగు అయిపోయింది," అన్నాడు కిందికి చూడకుండా. "ఇంకో డబ్బా తెప్పించాలి. ఖలమానిడ్జేలకి వేరే బోర్డు వెయ్యాలి కదా."

"అందులో ఎవరెవరున్నారు?"

జుంబర్ కుంచె ఆపి ఆలోచించాడు. "ప్రస్తుతానికి నేనొక్కణ్ణే," అన్నాడు.

మక్వాలా గుడ్డని నిచ్చెన మెట్టు మీద ఆరేసి, మాళిగకి చెక్క పలక ఒకటి వెతకడానికి వెళ్ళిపోయింది.