మొదటి డిస్కు

కొత్తవాళ్లంటే సౌభాగ్యకు ఒళ్లు మంట.

ఆమె హిందీ రాష్ట్రంలోని బిలాస్‌పూర్‌లో రైల్వే గుమాస్తా. తండ్రి పలాస నుంచి వచ్చి రైలింజన్ల షెడ్‌లో ఖలాసీగా చేరాడు. ఆమె పుట్టి పెరిగిందంతా రైల్వే క్వార్టర్లలోనే. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, పెళ్లి చేసుకోలేదు. నెహ్రూ నగర్‌లో సొంత ఫ్లాటు, ఆఫీసు పారేసిన మూడు పాత కంప్యూటర్లు, పదకొండేళ్లుగా పిచ్చుక.

పిచ్చుక అంటే కంప్యూటర్‌ను నడిపే ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. వేలెడంత పెన్‌డ్రైవ్‌లో ఇమిడిపోతుంది. మూలనపడ్డ ల్యాప్‌టాప్‌కైనా దాన్ని తగిలించి స్విచ్చి వేస్తే చకచకా లేచి కూర్చుంటుంది. పని కాగానే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లిపోవచ్చు. విశాఖలో ఉండే దిలీప్ అనే ఆయన దాన్ని తయారుచేసి ఊరికే పంచిపెట్టాడు. వాడేవాళ్లు మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టి, అందులో ‘కొత్తవాళ్ల గది’ని సౌభాగ్యకు అప్పగించాడు. అప్పట్లో నెలకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. వచ్చినవాళ్లకు అంతో ఇంతో తెలిసి ఉండేది.

ఒక అక్టోబరుతో ఆ రోజులు పోయాయి. పాత కంప్యూటర్లకు ఇక అప్‌డేట్లు ఇచ్చేది లేదని, వాటిని నడిపే సిస్టమ్ తయారుచేసిన పెద్ద కంపెనీ చేతులు దులుపుకుంది. దాంతో దేశంలోని పాత ల్యాప్‌టాప్‌లన్నీ తమ యజమానులను వెంటబెట్టుకుని పిచ్చుక వాకిట్లోకి వచ్చిపడ్డాయి.

‘నా సిస్టం స్లో, ప్లీజ్ హెల్ప్’ అని రాస్తాడొకడు. ఏ సిస్టమో, ఎంత మెమరీయో చెప్పడు. డాక్టరు ముందు కూర్చుని ‘నొప్పి’ అని ఒక్క మాట అని ఊరుకునే రకం. ఇంకొకడు తెరను ఫోటో తీసి పెడతాడు. ఫోటోలో సగం వాడు తింటున్న సమోసా ప్లేటు. మరొకావిడ పన్నెండు దండాల బొమ్మలతో కృతజ్ఞతలు చెప్పి, ఆ కిందనే, ఇప్పుడే జవాబిచ్చిన ప్రశ్నను మళ్లీ అడుగుతుంది. సౌభాగ్య నలభై ఒక్క పేజీల మార్గదర్శి రాసింది. ప్రతి కొత్తవాడికీ రెండే మాటలు జవాబిచ్చేది: ‘మార్గదర్శి చదవండి.’ చదివినవాడు ఒక్కడూ లేడు. చదవడం రానివాళ్లకు కంప్యూటరెందుకని ఆమెకు నిజంగానే అర్థమయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో పైడిరాజు వచ్చాడు.

‘సభ్యులందరికీ నమస్కారములు’ అని మొదలుపెట్టి ఒక పేజీ నిండా రాశాడు. ముప్పై ఆరేళ్లు గూడ్సు బళ్లు నడిపి రిటైరయ్యాడట. ఊళ్లోనే లాల్‌ఖదాన్‌లో ఇల్లట. కొడుకు వదిలేసిన ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్కు చచ్చిపోతే తీసి పారేశాడట, డిస్కు లేకుండానే పిచ్చుకతో నడుపుదామని ఆశట. తన షుగరు సంగతి కూడా రాశాడు.

‘ఇది సంబంధాలు మాట్లాడుకునే చోటు కాదు. మార్గదర్శి చదవండి’ అని రాసింది సౌభాగ్య.

‘తప్పయిపోయింది తల్లీ, చదువుతాను’ అని జవాబు వచ్చింది. చదివాడు కూడా. చదివి, తొమ్మిది రోజుల్లో పదిహేడు ప్రశ్నలు వేశాడు. ఆమె ఎంత పుల్లవిరిచినట్టు మాట్లాడినా ‘అలాగే తల్లీ’ అనేవాడు. అతనికి సిగ్గు లేదని ఆమె తీర్మానించుకుంది.

పదో రోజున అతను తను నేర్చుకున్నదంతా ఒక పేజీలో రాసి ఫోరంలో పెట్టాడు. పద్నాలుగు మెట్లు. ఒక్కో మెట్టులో ఒక్కటే పని. ఆ పని చేశాక తెర మీద ఏం కనిపించాలో, కనిపించకపోతే ఎక్కడ ఆగిపోవాలో దాని పక్కనే ఉంది. ముప్పై ఆరేళ్లు ఇంజను ఎక్కే ముందు ప్రతి మీటరూ చూసి రాసుకున్న మనిషి రాసినట్టే ఉంది. రెండు రోజుల్లో అరవై మంది ఆ చీటీ చూసి పిచ్చుక నడిపించుకున్నారు. దిలీప్ దాన్ని గది పైన అతికించి, సౌభాగ్య మార్గదర్శిని కిందికి దించాడు. ‘ఏమీ అనుకోకండి మేడమ్, జనానికి ఇది అర్థమవుతోంది’ అని మెసేజ్ పెట్టాడు.

మంగళవారం ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలో అన్నం తింటూ ఆమె ఆ చీటీని తప్పులు వెతకడానికే చదివింది. తొమ్మిదో మెట్టు దగ్గర ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఇంకొకరికి ఇవ్వడానికి కొత్త పెన్‌డ్రైవ్‌లోకి పిచ్చుకను ఎక్కించే పద్ధతి అది. తమ వరకు నడుపుకునేవాళ్లకు అక్కర్లేదు కాబట్టి ఆ అరవై మందీ దాని జోలికి పోలేదు. ‘జాబితాలో మొదటి డిస్కును ఎంచుకుని ఎంటర్ నొక్కండి’ అని ఉంది. పైడిరాజు ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్కు లేదు, పిచ్చుక నడుస్తున్న పెన్‌డ్రైవ్ జాబితాలో రాదు, కాబట్టి అతనికి కొత్త పెన్‌డ్రైవే మొదటిది. మిగతా అందరి కంప్యూటర్లలో మొదటి డిస్కంటే లోపలున్న హార్డ్‌డిస్కే. ఈ మెట్టు నమ్మినవాడు తన డిస్కును తనే తుడిచేసుకుంటాడు.

‘తొమ్మిదో మెట్టు తప్పు, ఎవరూ చేయకండి’ అని టైపు చేసింది. పంపబోయి ఆగింది. ఆ అరవై మంది వేసిన దండాల బొమ్మలు చీటీ కింద వరసగా కనిపిస్తున్నాయి. నేర్చుకోనీ, అనుకుంది. ఎవడో ఒకడు డిస్కు పోగొట్టుకుంటే, మార్గదర్శి ఎందుకు నలభై ఒక్క పేజీలుందో అప్పుడు తెలుస్తుంది. టైపు చేసిన వాక్యాన్ని చెరిపేసి డబ్బా మూత పెట్టింది.

ఆదివారం పొద్దున్న పైడిరాజు తన ఇంటి వరండాలో బిలాస్‌పూర్ చుట్టుపక్కల కొత్తవాళ్లను పోగుచేశాడు. సౌభాగ్యను కూడా పిలిచాడు. తమాషా చూద్దామని వెళ్లింది.

“రా తల్లీ రా, నువ్వొచ్చీసావు, మాకింకేటి కావాలి!” అంటూ ఎదురొచ్చాడు. పల్చటి మనిషి, తెల్ల బనియను, మెడలో కళ్లద్దాల తాడు. కుర్చీ తుడిచి వేశాడు.

తొమ్మిది మంది తొమ్మిది ల్యాప్‌టాప్‌లతో చాప మీద కూర్చున్నారు. ఒకదానికి మూత లేదు, ఇంకొకదానికి రబ్బరు బ్యాండు. మౌసును రెండు చేతులతో పట్టుకున్న పెద్దమనిషిని చూసి సౌభాగ్య చాయ్ గ్లాసులోకి నవ్వుకుంది. ఆమెకు దగ్గరగా రజిని అనే అమ్మాయి కూర్చుంది. దగ్గర్లోని కోటా అనే ఊరి నుంచి పొద్దున్న ప్యాసింజరులో వచ్చిందట. జాకెట్ల మీద కంప్యూటర్ మిషనుతో ఎంబ్రాయిడరీ చేస్తుందట.

“డిజైన్లన్నీ నేనే గీస్తానాంటీ. ఛే సాల్ నుంచి, ఆరేళ్ల పని, అన్నీ ఇందులోనే ఉన్నాయి” అని ల్యాప్‌టాప్ మీద చేయి వేసి చెప్పింది. తర్వాత సంచిలోంచి కొత్త పెన్‌డ్రైవ్ తీసింది. “ఇది మా దీదీ కోసం.”

ప్రింటు తీసి తెచ్చుకున్న చీటీని ఒడిలో పెట్టుకుని వేలితో ఒక్కో మెట్టూ చూసుకుంటూ చేస్తోంది. తెలుగు కూడబలుక్కుని చదువుతోంది. ఏడు. ఎనిమిది. సౌభాగ్య చూస్తూనే ఉంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం. ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఏది పెన్‌డ్రైవో ఏది హార్డ్‌డిస్కో సైజు చూస్తేనే తెలుస్తుంది, ఈ పిల్ల జాబితాలో అది కూడా చూడటం లేదే, కళ్లున్నాయి కదా, అనిపించింది. ఆమె ఒక గుక్క చాయ్ తాగింది.

రజిని ఎంటర్ నొక్కింది.

“హో గయా తాతయ్యా!” అని చప్పట్లు కొట్టింది. పెన్‌డ్రైవ్‌లు రెండూ తీసేసి ల్యాప్‌టాప్‌ను మళ్లీ ఆన్ చేసింది. అయినా పిచ్చుకే లేచింది. ఆమె ఫోల్డర్లు లేవు. ఒకచోట చూసింది, ఇంకోచోట చూసింది. “నా డిజైన్లు ఏవీ?”

పైడిరాజు మోకాళ్ల మీద కూర్చుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “ఏటయిందమ్మా, చీటీలో ఉన్నట్టే చేసావు గదా.”

సౌభాగ్య లేచి నిలబడింది. ఐదు రోజులుగా ఎదురుచూసిన ఘడియ. “చీటీయే తప్పు. తొమ్మిదో మెట్టు. మీకు డిస్కు లేదు కాబట్టి మీకు సరిపోయింది. ఆ అమ్మాయికి హార్డ్‌డిస్కు తుడిచిపెట్టుకుపోయింది. తెలియని విషయాలు నలుగురికీ నేర్పితే ఇలాగే ఉంటుంది.”

పైడిరాజు చీటీ తీసి తొమ్మిదో మెట్టు రెండుసార్లు చదువుకున్నాడు. తలెత్తి మెల్లగా అడిగాడు.

“ఈ తప్పు నీకెప్పుడు కనపడిందమ్మా?”

ఇప్పుడే అని చెప్పవచ్చు. ఆ మాట నాలుక మీదే ఉంది. కానీ అతను ఆమె కళ్లలోకే చూస్తున్నాడు. అబద్ధం చెప్పేంత చురుకుగా ఆమె బుర్ర ఆ క్షణంలో పనిచేయలేదు.

“మంగళవారం” అంది.

రజినికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. “మతలబ్, నేను ఎంటర్ కొట్టేటప్పుడు మీకు తెలుసా? ఇక్కడే కూర్చుని చూశారా?”

సౌభాగ్య ల్యాప్‌టాప్ వైపు చేయి చాపింది. “ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకేమీ రాయకు, ఆపెయ్. కొంత తిరిగి రావచ్చు” అని తన సంచిలోంచి వేరే డిస్కు తీసింది. పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం నడిపింది. పొద్దున్న పదకొండుకు మొదలైంది, ముగిసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే ల్యాప్‌టాప్‌లు మూసుకుని వెళ్లిపోయారు. ఎవరూ ఆమెకు చెప్పి వెళ్లలేదు. మధ్యాహ్నం పైడిరాజు భార్య రజినికి అన్నం పెట్టింది, సౌభాగ్య పక్కన కూడా ఒక కంచం పెట్టి మాట్లాడకుండా లోపలికి పోయింది. సౌభాగ్య కంచం పక్కకు జరిపి తెర వైపు తిరిగింది.

మూడు వేల చిల్లర ఫోటోలు వచ్చాయి, పేర్లు పోయి వట్టి అంకెలతో. కుట్టు మిషను డిజైన్ల ఫైళ్లను ఆ ప్రోగ్రాం గుర్తుపట్టలేదు. ఒక్కటీ రాలేదు.

“కుట్టిన జాకెట్ల ఫోటోలున్నాయి కదా, వాటిని చూసి మళ్లీ గీసుకోవచ్చు. నేను సాయం చేస్తాను” అంది సౌభాగ్య.

రజిని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు. దారిలో అడ్డంగా పడున్న చెప్పును చూసినట్టు సౌభాగ్యను చూసింది. “నేను గీసుకుంటాను. మీరు రాకండి. మీ దగ్గర నేర్చుకోవాలని నాకు లేదు.” పైడిరాజుకు మాత్రం వంగి నమస్కారం పెట్టి స్టేషనుకు వెళ్లిపోయింది.

పదకొండేళ్లలో కొత్తవాళ్లను సౌభాగ్య ఎన్ని రకాలుగానో చూసింది. ఒక కొత్త మనిషి తనను ఇలా చూడటం ఇదే మొదలు.

గేటు దగ్గర పైడిరాజు ఆమె చేతిలో చీటీ పెట్టాడు. “ఇంకేటేటి తప్పులున్నాయో దిద్దీసి పంపు. నిన్ను క్షమించీసానని అనుకోకు. మా లైన్లో రైలు పట్టా విరిగుందని తెలిసీ ఎర్ర జెండా చూపనోడి పక్కన కూర్చుని నేను ముద్ద తినను. ఇవాళ నీకు కంచం పెట్టనిచ్చాను, ఆ ఆడగుంట పని నీ చేతిలో ఉందని. నీకు తెలుసు, నాకు తెలీదు, అందుకని అడుగుతన్నాను.”

“పంపుతాను బాబాయ్” అంది. ఆ పిలుపు విననట్టే అతను గేటు వేశాడు.

ఇంటికి వెళ్లి కాళ్లయినా కడుక్కోకుండా కూర్చుంది. చీటీలో తొమ్మిదో మెట్టు కాక ఇంకో రెండు చిన్న తప్పులు కనిపించాయి, మూడూ దిద్ది పైడిరాజుకు పంపింది. మిగతా పదకొండు మెట్లలో మార్చాల్సిందేమీ లేదు. తను అంత తేటగా ఎన్నడూ రాయలేదని తెలిసి, ఆ తెలియడం ఆమెకు చేదుగానే అనిపించింది. తర్వాత కొత్తవాళ్ల గదిలో తన పేరుతో జరిగింది రాసింది. తప్పు మంగళవారమే చూశానని, చెప్పలేదని, కోటా అమ్మాయి ఆరేళ్ల పని పోయిందని.

ఆమె కుర్చీలోంచి లేవకముందే జవాబులు మొదలయ్యాయి. కొందరు తిట్టారు. ఒకాయన ‘ఇలాంటివాళ్లు కూడా మనుషులేనా’ అన్నాడు, అక్షర దోషాలతో. వాటిని చెరిపేసే అధికారం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కూర్చుని అన్నీ చదివింది. సోమవారం దిలీప్ ఆ గదిని పైడిరాజుకు అప్పగించాడు. చీటీలో ఏదైనా మెట్టు మారిస్తే పైడిరాజు దాన్ని ముందు ఆమెకు పంపుతాడు, నమస్కారమైనా లేకుండా. ఆమె దిద్ది తిప్పి పంపుతుంది.