మడ్‌ఫ్లాపు మీద మోక్షిత

నేను ఒక మడ్‌ఫ్లాపును. పికప్ బండి వెనక చక్రం వెనకాల వేలాడే నల్ల రబ్బరు ముక్కను. మీరు నన్ను రోజూ చూస్తారు, చూసినట్టు మాత్రం గుర్తుండదు. నాకు మీరంతా బాగా గుర్తుంటారు. బండి నడిపేవాడి చూపు ముందుకే. వెనక వచ్చేవాళ్ళ మొహాలు రోజంతా చూసేదాన్ని నేనే.

మాది గొప్ప పుట్టుకేం కాదు. పొదిలి రోడ్డు పక్కన కంకర మిల్లులో రాళ్ళు మోసే బెల్టుగా ఉండేదాన్ని. అరిగి తెగిపోయాక టైర్ల కొట్టు మస్తాన్ తెచ్చి, కత్తితో పలకల్లా కోశాడు. రాళ్ళ దెబ్బలు నాకేం లెక్క? వాటి మధ్యే పెరిగాను. అట్లాంటి నన్ను సుకుమారిని చేసి ముద్దు చెయ్యాలని చూసిన మహానుభావుడు మాలకొండయ్య.

తోటల నుంచి ఒంగోలుకు బత్తాయిలు తోలుకునే మనిషి. కొత్త పికప్ కొన్నాడు. తెల్లగా పాలపొంగులా ఉండేది. దారంతా టిప్పర్లు ఒలకబోసిన కంకరే. అవతలివాళ్ళ బండ్లకు చక్రాల వెనక పెయింటు లేచిపోయి మశూచి మచ్చల్లా ఉండటం చూసి, గుండె పట్టుకుని మస్తాన్ దగ్గరికొచ్చాడు.

"నా బండికి గోటి గీత కూడా పడగూడదు మస్తానూ!"

"ఈ రబ్బరు కట్టు, చాలు," అన్నాడు మస్తాన్.

నిజంగానే చాలు. ఎగిరిన ప్రతి రాయినీ నా ఒంటి మీదే ఆపాను. కానీ సుఖంగా ఉన్నదాన్ని అట్లా ఉండనివ్వడం మనిషికి చేతకాదు కదా! పెయింటరును పిలిచి నా మీద ఎర్రరంగుతో 'మోక్షిత' అని రాయించాడు. అది అతని కూతురి పేరు. పక్కన ఒక రామచిలక. దాని పొట్ట గుమ్మడికాయంత ఉంది, ఆ సంగతి పోనివ్వండి. మాలకొండయ్య మాత్రం పిల్ల పుట్టినరోజున కూడా అంత మురిసి ఉండడు.

మర్నాడే ఒక రాయి తగిలి చిలక ముక్కు ఊడింది. ఆ మనిషి బాధ చూడాలి! అన్నం కూడా సరిగా తినలేదట. ఇక పేరుకు కూడా దెబ్బ తగులుతుందని నన్ను పైకెత్తి, బైండింగ్ వైరుతో బంపరుకు కట్టేసి, ప్లాస్టిక్ కవరు తొడిగాడు. గొడుగు తడుస్తుందని చంకలో పెట్టుకుని వానలో నడిచేవాణ్ణి మీరు చూశారా? నేను చూశాను.

మరి బండి పెయింటో? అబ్బో, దానికీ ఉపాయం ఉంది. ఇంట్లో బొంత పట్టుకొచ్చి చక్రాల వెనక బాడీకి కట్టాడు. తుడవడానికి ఒక పసుపుపచ్చ మెత్తని గుడ్డ. ఒకసారి భార్య వెంగమ్మ దాంతో పిల్ల ముక్కు తుడిచిందని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఇట్లా బండి భద్రం, రబ్బరు భద్రం. భద్రం లేనిదల్లా వెనక వచ్చేవాళ్ళే.

వెనక వచ్చేది ఎవరనుకున్నారు? రోజూ పొద్దున వెంగమ్మే. స్కూటీ ముందర మోక్షితను నిలబెట్టుకుని, అదే దారిలో బడికి తీసుకెళ్ళేది.

"నాన్నా, నా పేరు కనపడట్లేదు," అనేది ఆ పిల్ల.

"లోపల దాచాను తల్లీ," అనేవాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

వెంగమ్మ చెప్పి చూసింది. "రాళ్ళు మా మీదికి ఎగురుతున్నాయయ్యా. పిల్ల ముందర నిలబడుద్ది. ఆ రబ్బరు దించు."

"పేరు పాడైద్దే. కాస్త దూరంగా రాకూడదా?"

"కంట్లో తగిల్తే ఏం చేస్తావు?"

"పొద్దున్నే అట్టాంటి మాటలు మాట్లాడమాక!"

ఆ పొద్దున సరుకు ఆలస్యమైందని బండి దౌడు తీయించాడు. మిల్లు ముందు రోడ్డంతా కంకర. చక్రం కింద నుంచి రేగుకాయంత రాయి లేచింది. అది నాకు తగలవలసిన రాయి. కాళ్ళు కట్టేసినట్టు పైన ముడుచుకుని ఉన్నాను. నా కింద నుంచే పోయింది. పిల్ల కేక విన్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మాలకొండయ్య బ్రేకు కొట్టి దూకాడు. పరిగెత్తుతూ కూడా ఒక్కసారి బండి బాడీ వైపు చూశాడు. నేను చూశాను. వెంగమ్మా చూసింది.

పిల్ల కనుబొమ్మ మీద రక్తం కారుతోంది. మాలకొండయ్య మళ్ళీ బండి దగ్గరికి పరిగెత్తాడు. ఆ పసుపుపచ్చ గుడ్డే తెచ్చి గాయానికి అదిమిపెట్టాడు. వెంగమ్మ ఏడవలేదు, తిట్టలేదు.

"బండి ఎట్టా ఉంది? గీత పడలేదుగా?" అంది.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. ఇంకాస్త కిందికి తగిలి ఉంటే కన్ను పోయేదని డాక్టరు అన్నాడట. సాయంత్రం మాలకొండయ్య వచ్చి నా ముందు నేల మీద కూలబడ్డాడు. ఏడుస్తూ వైరు కత్తిరించాడు. కవరు చింపేశాడు. ఆ కన్నీళ్ళకు నేను కరగలేదు. పెళ్ళాం నోరు నొప్పి పుట్టేలా చెప్పినప్పుడు ఏమైంది ఆ బుద్ధి?

మళ్ళీ నా పని నేను చేసుకున్నాను. ముందు చిలక పోయింది. తర్వాత అక్షరాలు ఒక్కొక్కటే రాలాయి.

"నా పేరు పోతాంది నాన్నా," అంది మోక్షిత ఒకరోజు, కనుబొమ్మ మీద మచ్చతో.

"పోనీలేమ్మా. నువ్వున్నావుగా."

ఏళ్ళు గడిచి చివరికి నేనూ చిరిగాను. ఇప్పుడు మస్తాన్ కొట్టు వెనక చెత్త కుప్పలో ఉన్నాను. మొన్న మాలకొండయ్య కొత్త రబ్బర్ల కోసం వచ్చాడు. పక్కనే పెయింటరు కుంచె పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"అమ్మాయి పేరేగా? పెద్దక్షరాలతో రాయనా?"

"ఏం రాయమాక," అన్నాడు మాలకొండయ్య. "నల్లగానే ఉండనీ."

రబ్బరును రబ్బరుగా బతకనివ్వడానికి ఈ మనిషికి ఒక పసిదాని నెత్తురు కావలసివచ్చింది.