నిద్రపోయిన డిస్కు

వరహాలబాబుకు ఎవరి మీదా నమ్మకం లేదు. టీ వస్తే చాలు, ఎదురు టేబుల్ ఓంప్రకాశ్ కప్పుతో తన కప్పు మార్చుకుని తాగుతాడు. ఓంప్రకాశ్ బోయిన్‌పల్లివాడు, నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు మీదా వరహాలబాబుకు అనుమానమే.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. వరహాలబాబు మాత్రం విజయనగరం నుంచి వచ్చి, రెజిమెంటల్ బజార్‌లో గిన్నెల కొట్టు మీదున్న చిన్న ఆఫీసులో తేలాడు. బొల్లారంలోని ఒక ఆసుపత్రి కంప్యూటర్ మొత్తాన్ని ఒక పెద్ద ఫైలుగా, అంటే వర్చువల్ డిస్కుగా, అక్కడ పెట్టుకుని బాగుచేస్తున్నారు. దసరా సెలవులయ్యాక మొదటి రోజు సాయంత్రానికి అది అప్పజెబితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తానని యజమాని పర్వతాలు అన్నాడు. అప్పజెప్పకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

సెలవుల్లో ఆ డిస్కును కొత్త లినక్స్ మెషీన్‌లోకి మార్చింది ఓంప్రకాశ్. సెలవులయ్యాక పొద్దున్నే వరహాలబాబు దాన్ని మౌంట్ చేశాడు, అంటే లినక్స్‌కు తగిలించి తెరిచాడు. ఫైళ్లన్నీ శుభ్రంగా తెరుచుకున్నాయి. ఒక్క అక్షరం మార్చి సేవ్ చేయబోతే మాత్రం, చదువుకోవచ్చు గానీ రాయడానికి లేదంది. పర్మిషన్లు మార్చాడు. రూట్‌గా, అంటే ఆ మెషీన్‌కు సర్వాధికారిగా లాగిన్ అయ్యాడు. అయినా అదే జవాబు. ఇంటి యజమానినే గుమ్మంలో ఆపారంటే లోపల ఎవరో కావాలని గడియ పెట్టినట్టే కదా. ఆ ఎవరో ఎదురుగా కూర్చుని ఫోన్లో నవ్వుతున్నాడు.

అడిగితే జాగ్రత్తపడతాడని అడగలేదు. తిన్నగా పర్వతాలు గదిలోకి వెళ్లి, తనకు ఉద్యోగం దక్కకూడదని ఓంప్రకాశ్ డిస్కుకు తాళం వేశాడని చెప్పేశాడు. పర్వతాలు ఓంప్రకాశ్‌ను పిలిచి, మెషీన్ జోలికి ఇక పోవద్దన్నాడు. ఓంప్రకాశ్ ముఖంలో నవ్వు ఇంకిపోయింది.

"లాగ్ చూసినవా అన్నా?" అని ఒక్కటే అడిగాడు.

చూడలేదు. మెషీన్ తాను చేసిన ప్రతి పనీ రాసుకునే ఆ చిట్టాను పర్వతాలు పక్కన నిలబడి ఉండగా తెరిచి చూస్తే, ఈ డిస్కులోని విండోస్ నిద్రలో ఉంది, రాస్తే పాడవుతుంది కనుక రాయనివ్వడం లేదని ఉంది.

"అయితే నిద్రపుచ్చింది ఇతనేనండి," అన్నాడు వరహాలబాబు, ఇంకా పట్టు వదలకుండా.

"లేపు. ఎవలు పండబెట్టిన్రో అదే చెప్తది," అన్నాడు ఓంప్రకాశ్.

వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, డిస్కును లేపారు. నిద్రపోయేటప్పుడు ఎలా ఉందో అలాగే లేచింది. తెర మీద సగం ఆడిన పేకాట. దాని పక్కన, లాగిన్ అయినవాడిగా వరహాలబాబు పేరు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధపూజనాడు పర్వతాలు తల్లి పుష్పమ్మ మానిటర్లన్నిటికీ కుంకుమబొట్లు పెట్టి, పూజ చేసినదాన్ని ఆర్పొద్దని గట్టిగా చెప్పింది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతోసేపు ఆగదు. ఆమె మాట పోకుండా, మెషీన్ చెడకుండా, అందులో నడుస్తున్న ఆసుపత్రి విండోస్‌ను ఆర్పీ ఆర్పనట్టు నిద్రపుచ్చిన తెలివి వరహాలబాబుదే. ఆమె మెచ్చుకుని ఇంకో రెండు గారెలు కూడా పెట్టింది. ఆ బొట్టు ఇప్పటికీ మానిటర్ మీద ఉంది, పొద్దుటి నుంచి దాన్ని చూస్తూనే పనిచేశాడు.

పేకాట మూసి, విండోస్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి మళ్లీ మౌంట్ చేస్తే డిస్కు మారుమాట లేకుండా రాయనిచ్చింది. సాయంత్రానికి అది బొల్లారం చేరింది. పర్వతాలు మాట తప్పలేదు, పర్మనెంట్ చేశాడు. ఓంప్రకాశ్‌ను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వరహాలబాబు తానే కిందికి దిగి రెండు టీలు తెచ్చాడు. తప్పయిపోయిందని చెబుదామని వచ్చి, టీ వేడిగా ఉందన్నాడు. ఒక కప్పు ఓంప్రకాశ్ ముందు పెట్టాడు.

ఓంప్రకాశ్ దాన్ని నెమ్మదిగా వరహాలబాబు వైపు జరిపి, అతని ముందున్న కప్పు తీసుకుని తాగాడు.