నీళ్ళలో నవ్వకూడదు

రబ్బరు సూట్లను ఉతకకూడదు, జాడించాలి. మంచినీళ్ళ తొట్టెలో ముంచి, లోపలి వైపు బయటికి తిరగేసి, మళ్ళీ ముంచి, పిండకుండా నీళ్ళు జార్చి, నీడపట్టున వెడల్పాటి హ్యాంగర్లకి తగిలించాలి. తిరగేసినప్పుడు వచ్చే వాసన సంగతి మాత్రం డైవింగ్ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. ఎంత పెద్ద ఉద్యోగం వెలగబెట్టే మనిషైనా నీళ్ళలోకి దిగాక సూటులోనే కానిచ్చేస్తాడు. పైకొచ్చి, "లోపల ఎంత స్వచ్ఛంగా ఉందో మేడమ్" అంటాడు. ఆమె "అవునండీ" అని నవ్వి, సూటు అందుకుని తొట్టె వైపు తిరుగుతుంది. ఆ ఆదివారం పొద్దున కూడా అదే పనిలో ఉంది.

స్కూలూ కొట్టూ ఒకే కప్పు కింద ఉన్నాయి. వెనక పూల్, ముందు గదిలో అద్దాల బీరువాల నిండా మాస్కులు, కాళ్ళకి తొడిగే ఫిన్స్, సూట్లు, గొట్టాలు. పూల్ నుంచి వీధిలోకి వెళ్ళాలంటే ఆ బీరువాల మధ్యనుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. దారి అలా పెట్టించింది ఆమె భర్తే. ఊరందరికీ ఆయన కోచ్. ఆమెకీ నోరు అలవాటైపోయి ఒక్కోసారి ఇంట్లో కూడా "కోచ్, భోజనానికి రండి" అనేస్తుంది. కౌంటర్ మీద మరిది కూర్చుంటాడు. మిగిలినవన్నీ ఆమెవే. సిలిండర్లు నింపడం, గట్టు మీద నాచు గీకడం, ఫోన్లు, టీలు, ఏడ్చే పిల్లల్ని బుజ్జగించడం, ఏడవబోయే పెద్దవాళ్ళని అంతకన్నా ఎక్కువ బుజ్జగించడం. జీతం మాటెత్తితే అత్తగారు "సొంత కొట్టులో జీతమేమిటమ్మా, నీకు నువ్వే ఇచ్చుకుంటావా" అని తేల్చేశారు. అదే నోటితో, "మా కోడలికి ఎప్పుడు చూడు తడిచేతులే, ఇల్లు పట్టదు" అని పక్కింటావిడతో వాపోయారు కూడా.

గోడ మీద కోచ్ సర్టిఫికెట్ పక్కనే ఆమెదీ ఉంటుంది. కొట్టు తెరిచిన ఏడాదే ఆమె శిక్షకురాలి పరీక్ష పాసైంది. "ఇద్దరు ట్రైనర్లున్న స్కూలు" అని బోర్డు మీద రాయించుకోవడానికి అది పనికొచ్చింది. ఒక బ్యాచ్ తనకి ఇమ్మని అడిగితే కోచ్, "నీకు పడదులే. నేర్పడానికి గొంతుండాలి" అన్నాడు. చిరాగ్గా కాదు, ఆప్యాయంగానే అన్నాడు. అందుకే ఎదురు చెప్పడానికి ఆమెకి పట్టు దొరకలేదు.

ఆ కొట్టులో ఆ మాటకి చాలా పని ఉంది. పడదు. మాస్కులోకి నీళ్ళొస్తే "మీ మొహానికి ఇది పడదు". కాలు పట్టేస్తే "ఈ ఫిన్స్ మీకు పడవు". భయమేస్తే "అద్దె సామాను కదా, మీకు పడట్లేదు". అది పూర్తిగా అబద్ధమని కూడా అనలేం, కొందరికి నిజంగానే పడవు. కానీ నీళ్ళలో ఏ ఇబ్బందొచ్చినా దాని మందు ముందు గదిలోనే దొరకడం ఆమెకి ఎప్పట్నుంచో గొంతులో ముల్లులా ఉండేది. ఓసారి అననే అంది. "చూడు, నేర్పినందుకు వచ్చేది పూల్ ఖర్చులకే చాలదు. ఇల్లు నడిచేది అమ్మకం మీద" అన్నాడు కోచ్. అదీ నిజమే. ఆయన ఏది చెప్పినా సగం నిజమై కూర్చుంటుంది, ఆ సగంతోనే ఇన్నాళ్ళూ ఆమె నోరు మూతపడింది.

ఆ నెల బ్యాచ్‌లో ఒకావిడ ఉంది, పెద్ద ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. నలభై దాటిన మనిషి. నీళ్ళంటే చిన్నప్పట్నుంచీ భయమట, ఆ భయం మీదే కసి పుట్టి చేరిందట. ఇంట్లో ఆడపడుచు "ఈ వయసులో నీకు నీళ్ళేమిటి వదినా, మోకాళ్ళు చూసుకో" అందని చెప్పి, తనే ముందు నవ్వేసింది. ఏం చెప్పినా చివర ఒక నవ్వు తగిలిస్తుంది. తక్కిన పాఠాలన్నీ వచ్చాయి గానీ మాస్కు పాఠం దగ్గర ఆగిపోయింది. పూల్ అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, మాస్కులోకి కావాలని కాసిని నీళ్ళు రానిచ్చి, ముక్కుతో గట్టిగా ఊది బయటికి పంపాలి. ఆవిడ పంపుతుంది, మళ్ళీ వచ్చేస్తాయి. పంపుతుంది, వచ్చేస్తాయి. ముక్కు దగ్గర నీళ్ళు నిలిచేసరికి గుండె జారిపోయి పైకి లేచేస్తుంది. అద్దె మాస్కు పడలేదన్నారు, ఒకటి కొంది. అదీ పడలేదన్నారు, ఇంకోటి కొంది. ఆ ఆదివారం కూడా రాకపోతే మానేస్తానని, వస్తూనే ఆమె దగ్గర నెమ్మదిగా అంది. "నా వల్ల కాదేమోనండీ. మా ఆడపడుచే కరెక్టేమో" అని మళ్ళీ నవ్వింది.

కోచ్ కుర్రాళ్ళ గుంపుతో లోతు వైపు ఉన్నాడు. "కాసేపు ఆవిడతో దిగు. కొత్త మాస్కు ఎలా ఉందో చూసి చెప్పు" అన్నాడు. సూట్లు తొట్టెలోనే వదిలేసి, తన పాత మాస్కు తగిలించుకుని ఆమె దిగింది. ఆ మాస్కు రబ్బరు పసుపు తిరిగిపోయింది గానీ ఏనాడూ చుక్క నీరు రానివ్వలేదు.

ఇద్దరూ అడుగున ఎదురెదురుగా కూర్చున్నారు. బాగున్నారా అని ఆమె చేత్తో అడిగింది, బాగున్నానని అవతలావిడ చేత్తో చెప్పింది. చేత్తో చెప్పి ఊరుకోలేదు, నవ్వింది. నోట్లో గొట్టం ఉన్నా బుగ్గలు పైకి లేచి, ముక్కుకి అటూ ఇటూ గీతలు పడ్డాయి. ఆ గీతల్లోంచి సన్నగా నీళ్ళు లోపలికి పాకాయి. ఎవరైనా మనవైపు చూసి నవ్వితే ఏం చేస్తాం? ఆమె కూడా నవ్వింది. అంతే, ఎన్నడూ లేనిది ఆమె పాత మాస్కులోకీ నీళ్ళొచ్చేశాయి.

ఆమెకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. ఇద్దరాడవాళ్ళు నీళ్ళ అడుగున, పలకరించే మనిషి కూడా లేనిచోట, మర్యాద కోసం ఒకరినొకరు చూసి నవ్వుకుని మాస్కులు నింపుకుంటున్నారు. ఈవిడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రి బల్ల వెనక రోగులకీ, వాళ్ళ చుట్టాలకీ, విసుక్కునే డాక్టర్లకీ నవ్వుతుంది. ఇంటికెళ్ళి ఆడపడుచుకి నవ్వుతుంది. భయమేసినా నవ్వే, అవమానమైనా నవ్వే. మరి నేను? తడిచేతుల కోడలన్నప్పుడు నవ్వాను. జీతమేమిటమ్మా అన్నప్పుడు నవ్వాను. నీకు పడదులే అన్నప్పుడైతే, పాపం ఆయన నొచ్చుకుంటాడేమోనని ఇంకాస్త ఎక్కువ నవ్వాను. ఈ మాస్కు ఇన్నేళ్ళూ కారలేదంటే, నీళ్ళలో ఇన్నేళ్ళూ నాకు నవ్వే అవసరం పడలేదన్నమాట. అక్కడొక్కచోటే నా మొహం నాదిగా ఉందన్నమాట.

పైకి లేచేసరికి కోచ్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో బీరువా పైఅరలోది, అన్నిటికన్నా ఖరీదైన మాస్కు.

"చూశారా, అదీ పడట్లేదు. కొంతమంది మొహాలంతే. ఇది పెట్టి చూడండి" అన్నాడు.

రిసెప్షనిస్టు అప్పుడే చెయ్యి చాచింది.

"ఆగండి. మాస్కులో ఏమీ లేదు. మీరు నవ్వుతున్నారు" అంది ఆమె.

"నేనా?"

"నవ్వితే బుగ్గ మడత పడుతుంది. ఆ సందులోంచి నీళ్ళొస్తున్నాయి. ఏ మాస్కైనా అంతే."

కోచ్ తేలిగ్గా నవ్వేశాడు. "నువ్వూరుకో. నేను చూస్తున్నా కదా."

అలవాటు కొద్దీ బుగ్గలు లేవబోయాయి. ఆమె లేవనివ్వలేదు. గట్టెక్కి, అద్దె మాస్కుల బుట్టలోంచి ఆవిడ మొదటిరోజు పెట్టుకున్నదే తెచ్చి, పట్టీ వెయ్యకుండా మొహానికి ఆనించింది. "ముక్కుతో లోపలికి పీల్చండి" అని చెయ్యి తీసేసింది. మాస్కు పడిపోకుండా మొహానికి అతుక్కుని నిలబడింది.

"పడింది" అంది ఆమె. తర్వాత ఆవిడకి మాత్రమే వినపడేట్టు, "లోపల ఎవరికీ నవ్వక్కర్లేదండీ. నాకు కూడా. మీకు భయమేస్తే భయంగానే ఉండండి, నేనేమీ అనుకోను" అంది.

మళ్ళీ దిగారు. రిసెప్షనిస్టు మొహం మొదటిసారి ఖాళీగా, కొంచెం కోపంగా కూడా ఉంది. ఆ మొహంతో ఆవిడ ఎంత అందంగా ఉందో ఆమె చూసింది. ఆవిడ నీళ్ళు రానిచ్చింది, ఊదింది, పోయాయి. మళ్ళీ రాలేదు. ఇంకోసారి చేసింది. ఆ తర్వాత పైకి వద్దామని సైగ చేసినా రాలేదు, తీరిగ్గా అక్కడే కూర్చుంది.

పైకొచ్చాక రిసెప్షనిస్టు ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మీకెలా చెప్పాలో తెలీట్లేదు. నాలోనే ఏదో లోపముందనుకున్నా" అంది. థాంక్స్ చెప్పాల్సింది మీరు కాదండీ, నేను, అనుకుంది ఆమె. కొన్న మాస్కులు రెండూ అప్పటికప్పుడు వాపసు తీసుకోమని మరిదికి చెప్పింది. "వదినా, పొద్దున్నే కొట్టు ముంచేశావు" అన్నాడు గానీ తీసుకున్నాడు.

అందరూ వెళ్ళాక కోచ్ బీరువా తాళం వేస్తూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నిన్ను నీళ్ళ దగ్గరికి తెచ్చింది నేను. అది మర్చిపోకు."

ఆమె మర్చిపోలేదు. పెళ్ళయిన కొత్తలో మోకాలి లోతు నీళ్ళకే వణికే పిల్లని ఆయన మణికట్టు పట్టుకుని దింపాడు. ఎన్నిసార్లు పైకి లేచినా విసుక్కోలేదు. నీ ఊపిరి నువ్వు విను, అదొక్కటే నీ పని అన్నాడు. పాత మాస్కు మొహానికి ఆనించి, పీల్చు అని చెయ్యి తీసేసి, నిలబడిందంటే నీదే అన్నది ఆయనే. ఆరోజు నీళ్ళ కింద తన ఊపిరి తను మొదటిసారి విని ఆమె ఏడ్చింది. అంతకు మించిన కానుక ఎవరూ ఇవ్వలేదు, అమ్మా నాన్నా కూడా ఇవ్వలేదు. అంత మంచి గురువు ఆయన. అప్పుడాయన దగ్గర అమ్మడానికి ఏమీ లేదు.

"మర్చిపోలేదండీ. రోజూ దణ్ణం పెట్టుకుంటా. అందుకే ఆవిడకి మీరు నేర్పినట్టే చెప్పాను, మీరు అమ్మినట్టు చెప్పలేదు" అంది. గొంతు ఎక్కడా వణకలేదు. ఇంత గొంతుందని ఆమెకే తెలీదు.

కోచ్ తాళంచెవి చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం కన్నా ఇంకేదో ఉంది, పాతకాలం మనిషి ఒకడు తొంగిచూసి వెళ్ళినట్టు. ఆమె దాన్ని చూసి జాలిపడింది, సంతోషపడింది, కానీ సాయం పట్టలేదు. అది ఆయన పడాల్సిన పాటు.

అంతలో ఫోన్ మోగింది. మరిది చెయ్యి చాచేలోపు ఆమె అందుకుంది. అటువైపు ఎవరో అమ్మాయి, బెదురు గొంతు. డైవింగ్ నేర్చుకోవాలనుందట, ఈత కూడా అంతంతమాత్రమట. వచ్చేముందు ఏమేం కొనుక్కోవాలండీ, నాకేవి పడతాయండీ అని అడిగింది. మరిది, కోచ్ ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఏమీ కొనకమ్మా. నీ మొహం నువ్వు తెచ్చుకో, చాలు. నేర్పేది నేనే" అంది ఆమె.