గోడ అవతలికి దగ్గరి దారి

పేరంటాలు పొద్దున్నే వీధి తలుపు తీసేసరికి వీధి లేదు. వీధి ఉండాల్సిన చోట ఆవిడ వియ్యపురాలు సీతారావమ్మ వంటిల్లు ఉంది. ఆ వంటిల్లు ఉండాల్సింది పదిహేను మైళ్ళ అవతల. సీతారావమ్మ కత్తిపీట ముందు కూచుని బీరకాయలు తరుగుతూ తలెత్తుతుంది.

"రండి వదినగారూ. గుమ్మం తగులుద్ది, వంగి రండి."

పేరంటాలు తలుపు మూసి మళ్ళీ తీస్తుంది. అదే వంటిల్లు, అవే బీరకాయలు, ఒక కాయ తక్కువ. పెరటి తలుపు తీస్తే పెద్ద ఆడపడుచు మంచం కనిపిస్తుంది. మంచం మీద ఆడపడుచు గురక పెడుతోంది. కిటికీ రెక్క తోస్తే మరిది గారి పశువుల కొట్టం. గేదె ఒకటి మూతి లోపలికి పెట్టి, గది చూసి, నచ్చక వెనక్కి తీసుకుంటుంది.

నిన్న దండోరా వేశారట, సీతారావమ్మ చెబుతుంది. రోడ్లకి ఎంత తారు పోసినా వానాకాలానికి గోతులే కాబట్టి మునిసిపాలిటీవాళ్ళు ఇవాళ్టినుంచి రోడ్లు తీసేశారు. వాటి బదులు చుట్టరికాలు వేశారు. చుట్టరికానికి తారు అక్కర్లేదు. ఎవరికి ఎవరుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు, అక్కణ్ణుంచి వాళ్ళకున్నవాళ్ళ దగ్గరికి. ఎవరూ లేనివాళ్ళ సంగతేమిటని పేరంటాలు అడిగితే, అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటారని సీతారావమ్మ చాలా మామూలుగా చెప్పి, ఇంకో బీరకాయ తీసుకుంటుంది.

పేరంటాలు చేతిలో మిరియాల కషాయం గ్లాసుంది. అది వియ్యపురాలి కోసం కాచింది కాదు. ఆవిడ వెళ్ళాల్సింది గోడ అవతలికి.

గోడ అవతల చెల్లెలు నాంచారు ఉంటుంది. రెండు వాటాల ఇల్లు, నడుమ ఒక్క గోడ. అక్కచెల్లెళ్ళకి ఇరవై ఆరేళ్ళుగా మాటల్లేవు. నాంచారు తన కూతురికి ఓణీ ఇచ్చిన నాడు ఊరంతా తిరిగి బొట్టు పెట్టి పిలిచింది, అక్కని తప్ప. తోడబుట్టినదానికి బొట్టేమిటి, గోడ అవతల చేసుకుంటుంటే లేచి రాదా అని చెల్లెలు అనుకుంది. బొట్టు పెట్టని గుమ్మం తొక్కితే నాకేం మర్యాద అని అక్క ఇటు కూచుంది. విస్తళ్ళు ఎత్తేదాకా అటు ఒకటి ఎదురు చూసింది, ఇటు ఒకటి ఎదురు చూసింది. ఆ సాయంత్రం ఇద్దరూ తమ పిల్లల్ని పిలిచి, అటువాళ్ళతో మాట్లాడితే కాళ్ళు విరగ్గొడతామన్నారు. ఆ తరవాత గోడే మాట్లాడింది. ఇటు మేకు కొడితే అటు సున్నం రాలేది.

మూడు రోజులుగా నాంచారు దగ్గుతోంది. మూడు రోజులూ పేరంటాలు గోడకి వీపు ఆనించి కూచుంది. ఇవాళ తెల్లారి పాలు పొంగే వేళకి దగ్గు ఆగిపోయింది. గిన్నె చప్పుడు లేదు, గొళ్ళెం చప్పుడు లేదు. అది బతికుందో లేదో గోడ చెప్పడం లేదు.

అందుకని పేరంటాలు వంగి సీతారావమ్మ వంటింట్లోకి దిగుతుంది. దారులు చెప్పే ఆఫీసు ఒకటుందని, అందులో గుమాస్తా కామేశం తమ తమ్ముడి అల్లుడేనని సీతారావమ్మ చెబుతుంది. చెబుతూనే కాఫీ కలిపేస్తుంది. వద్దంటే ఊరుకోదు. అవతల తమ్ముడింట్లో ఇంకో కాఫీ, దాంతోపాటు రెండు ఇడ్లీలు. చుట్టాల ఇళ్ళు రోడ్డులాంటివి కావని పేరంటాలుకి అప్పుడు తెలుస్తుంది. రోడ్డు ఎవరినీ కూచోమనదు.

కామేశం తన పడగ్గదిలో కంప్యూటరు పెట్టుకుని కూచున్నాడు. ఆఫీసు కూడా ఎవరో ఒకరికి చుట్టమైతేనే చేరగలిగేది కాబట్టి దాన్ని అతనికి బావమరిదిగా రాసేశారు. తెర మీద ఊరంతా ఉంది. మనిషికో చుక్క, చుట్టరికానికో గీత. రథసప్తమి ముగ్గు ఎవరో కాలితో చెరిపినట్టుంది.

"గోడ అవతలికి వెళ్ళాలి నాయనా," అంటుంది పేరంటాలు. "ఒక్క అడుగు."

"ఆయ్, అడుగులు మా లెక్కలోకి రావండి మామ్మగారూ. మీకూ ఆవిడకీ గీత లేదండి."

గీత ఎలా పోయిందో పేరంటాలుకి తెలుసు. పోయినేడు చుట్టరికాలు రాసుకోడానికి ఈ కామేశమే వచ్చాడు. పక్కవాటా ఆవిడ ఏమవుతారండీ అని అడిగాడు. ఏమీ అవదు, తీసెయ్ అంది. పిల్లల మధ్య గీతలు కూడా తీయించింది. అటు వాటాలోనూ అదే మాట, అదే గంటలో చెప్పారండి, అని కామేశం ఇప్పుడు అంటాడు. తీసెయ్ అన్నది తను ఒక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

యంత్రం దాకా ఎందుకు, తనే చెబుతానంటుంది. మూడు జిల్లాల చుట్టరికాలు ఆవిడకి నోటికొచ్చు. తన మొగుడి ఇంటిపేరు పట్టుకుని బయల్దేరి, ముత్తాత దాకా వెళ్ళి, అక్కడ దారి మూసుకుపోతే వెనక్కి వచ్చి, ఆయన తమ్ముడి వైపు తిరిగి, వాళ్ళ కోడళ్ళ పుట్టిళ్ళు, అక్కణ్ణుంచి ఒక దత్తత, ఒక రెండోపెళ్ళి దాటి, ఆఖరికి నాంచారు మొగుడి ఇంటిపేరు దగ్గర తేలుతుంది. నడుమ పదకొండు ఇళ్ళు. పదకొండు కాఫీలు. ఒక ఇంట్లో పెళ్ళిచూపులు కూడా ఉన్నాయి, కూచోపెట్టేస్తారు. చేరేసరికి పొద్దు గుంకుతుంది.

కామేశం ఓపిగ్గా విని, మీట నొక్కుతాడు. తన యంత్రం ఒక్క ఇంటిపేరు పట్టుకుని చివరిదాకా పోదని చెబుతాడు. ముందు మీ గుమ్మాన్ని ఆనుకున్న గుమ్మాలన్నీ ఒక్కసారే తడుతుంది, తరవాత వాళ్ళని ఆనుకున్నవన్నీ. ఒకసారి తట్టిన గుమ్మం మళ్ళీ తట్టదు. ముందు ఎవరు పలికితే అదే దగ్గరి దారి.

తెర మీద చుక్కలు వెలుగుతాయి. వెలిగిన మరుక్షణమే ఆగిపోతాయి.

"నడుమ ఒక్క మనిషేనండి," అంటాడు కామేశం.

పేరంటాలు నవ్వుతుంది. తనకి తెలియని చుట్టమా?

"కోటమ్మగారండి. మీ అమ్మగారు."

పేరంటాలు కషాయం గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుంటుంది.

"మా అమ్మ పోయి యాభై ఒక్క ఏళ్ళయింది."

"ఇక్కడ ఉన్నారండి. మీ అమ్మగారున్నారా అని అడిగాను, ఉందన్నారు మీరు. ఆవిడా ఉందనే అన్నారు."

"ఆ రోజు శుక్రవారం కదా నాయనా. శుక్రవారం పూట ఇంట్లో చావు మాట ఎత్తుతామా?"

"దీనికి వారాలుండవండి. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

పేరంటాలు మంచం పట్టె మీద కూచుండిపోతుంది. అమ్మ చచ్చి కూడా దారిలో నిలబడి ఉండడం ఒక వింత. అంతకంటే పెద్ద వింత, తను అమ్మని మరిచిపోవడం. ముత్తాతలు గుర్తున్నారు, దత్తతలు గుర్తున్నాయి. ఇంటిపేర్లు పట్టుకుని వెళ్ళే దారిలో అమ్మ ఎక్కడా తగలలేదు. అమ్మ పుట్టింటి పేరు అమ్మ వదిలేసింది, అమ్మ మెట్టింటి పేరు కూతుళ్ళు వదిలేశారు.

కామేశం లేచి ఇనప బీరువా తలుపు తీస్తాడు. చీరలు పక్కకి జరిపి, కాళ్ళు జాగ్రత్త మామ్మగారూ, అంటాడు.

బీరువాలో తాటాకు పందిరి, పందిరి కింద ఎండ. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి చాపమీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది. మెడ మీద చెమట. తల ఎత్తి, గబగబా పవిట సర్దుకుని, చేట పక్కకి జరుపుతుంది.

"ఎవరు కావాలి మామ్మగారూ?"

డెబ్బై ఒక్కేళ్ళ పేరంటాలు తన పేరు చెబుతుంది. కోటమ్మ ఆవిడ ముఖం అంతా వెతుకుతుంది, బియ్యంలో రాయి వెతికినట్టు. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ దొరుకుతుంది.

"నువ్వా," అంటుంది. "అయితే నన్ను అమ్మా అని పిలవకే. నీ జుట్టు చూడు, నా జుట్టు చూడు. ఎవరైనా వింటే నవ్వుతారు."

"మరి ఏమని పిలవను?"

"పిలవకు. పనేంటో చెప్పు."

పేరంటాలు చెబుతుంది. దగ్గు మాట చెబుతుంది, గోడ మాట చెబుతుంది. కోటమ్మ వింటూ ఆ కషాయం గ్లాసు అందుకుని, వాసన చూసి, మిరియం తక్కువైందని, తనే తాగేస్తుంది. యాభై ఏళ్ళ దాహం గాబోలు, పేరంటాలు అడ్డు చెప్పదు. బొట్టు సంగతి చెప్పినప్పుడు మాత్రం కోటమ్మ గింజ తీయడం ఆపుతుంది. ఇద్దరికీ తిక్క సమానంగానే పంచానన్నమాట, అని చింతపండుతో అంటుంది.

తరవాత లేచి, పవిట కొంచెం తొలగిస్తుంది. పొట్ట మీద, బొడ్డు ఉండాల్సిన చోట, చిన్న ఇత్తడి గొళ్ళెం ఉంది.

"నాలోంచే పోవాలి. వేరే దారి లేదు. వంగు."

గొళ్ళెం తీస్తే లోపల గది. పేరంటాలు వంగి వెళుతుంది. కప్పు తలకి తగులుతోంది, గోడలు వెచ్చగా ఉన్నాయి, ఎక్కడో దంపుడు చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఆ గది ఆవిడకి వెంటనే గుర్తొస్తుంది. తొమ్మిది నెలలు ఇక్కడే ఉంది. తూర్పుగోడ మీద తన మడమల అచ్చులున్నాయి, మునగకాయ గింజంతవి. అవి చూస్తే ఆశ్చర్యం లేదు. ప్రతి అచ్చు పక్కనా ఇంకో అచ్చు ఉంది. అదే ఎత్తులో, దానికి ఆనుకుని. అవి తనవి కావు. ఒక్కటంటే ఒక్కటి కూడా విడిగా లేదు.

కోటమ్మ గొంతు కప్పులోంచి వస్తుంది.

"నువ్వు ఖాళీ చేశాక నాలుగేళ్ళు ఆ గది ఎవరికీ ఇవ్వలేదు. నీ చెల్లెలు దిగిన అయిదో నెల నుంచి ఒకటే అడగడం, ముందు ఇక్కడ ఎవరున్నారని."

పేరంటాలు ఆ అచ్చుల మీద అరచెయ్యి పెడుతుంది. చెయ్యి తీయబుద్ధి కాదు. కానీ పడమటి తలుపు తెరుచుకుంటుంది, చల్లగాలి తగులుతుంది, అటువైపు నాంచారు గది.

గది ఆ చివర మంచం ఉంది. అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. పేరంటాలు నడుస్తుంది. ఆవిడ ఒక అడుగు వేస్తే గది ఒకటిన్నర అడుగులు పెరుగుతుంది. దూలాలు ఒకదాని తరవాత ఒకటి పుట్టుకొస్తున్నాయి. నేల మీద గచ్చు పలకలు పరుచుకుంటూ పోతున్నాయి. మంచం ఇప్పుడు వడ్లగింజంత. దాని మీద నాంచారు అటు తిరిగి పడుకుంది, ఒక చెయ్యి గోడమీద ఉంది. ఊపిరి ఆడుతోందా? ఇంత దూరం నుంచి తెలియదు. దగ్గరికి వెళదామంటే దగ్గర దూరమవుతోంది.

పేరంటాలు ఆగుతుంది. ఆగితే గది కూడా ఆగుతుంది. నడిస్తే అయ్యేది కాదని అర్థమవుతుంది. గీత కాలితో పడదు, నోటితో పడాలి.

ముందు మాట్లాడినవాళ్ళు ఓడినట్టు. ఇరవై ఆరేళ్ళూ ఆ ఒక్క మాటే ఆవిడ గొంతులో గింజలా అడ్డం పడి ఉంది. మింగి చూసింది, పోలేదు. ఇప్పుడు మంచం మీది చెయ్యి గోడమీంచి మెల్లగా జారుతోంది.

"నాంచారూ, పక్కకి జరుగు."

మాట నోట్లోంచి నేల మీద పడుతుంది. పడి, లేచి, మోకాళ్ళు దులుపుకుంటుంది. మూరెడు ఎత్తు, తడి పాదాలు. పేరంటాలు వైపు ఒకసారి చూసి, మంచం వైపు నడుస్తుంది. వెనక గచ్చు మీద చిన్న చిన్న తడి అడుగులు మిగులుతున్నాయి. గది దానికోసం పెరగడం లేదు.

సగం దారిలో దానికి ఇంకొకటి ఎదురవుతుంది. అటునుంచి వస్తోంది. నడుము వంగిపోయి, వెంట్రుకలు దుమ్ము కొట్టుకుని, చెప్పులు అరిగి మడమలు నేలకి తగులుతూ. ఇవాళ బయల్దేరినట్టు లేదు. పేరంటాలు దాని ముఖం చూస్తుంది, చూడగానే ఏ మాటో పోల్చుకుంటుంది. అక్కా అన్న మాట. దాని భుజం మీద ఇంకా పసుపు నీళ్ళ మరక ఉంది. ఓణీలనాటి మరక. విస్తళ్ళు వేస్తున్నప్పుడే బయల్దేరింది కాబోలు, ఇరవై ఆరేళ్ళుగా ఈ గదిలో నడుస్తూనే ఉంది.

పేరంటాలు గోడ పట్టుకుందామని చెయ్యి చాస్తుంది. పట్టుకోడానికి గోడ అందనంత దూరంలో ఉంది.

కొత్త మాట పాత మాటని ఎగాదిగా చూస్తుంది. తరవాత వంగి, దాన్ని చంకనెత్తుకుంటుంది. ఎత్తుకుని, ఇటా అటా అని ఒక్క క్షణం తటపటాయించి, మంచం వైపే పోతుంది. అవి రెండూ దాటిన ప్రతి పలకా నేలలోంచి ఊడి, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ వస్తుంది. దూలాలు ఒకదానిలోకి ఒకటి దూరిపోతున్నాయి. పేరంటాలు నడవకుండానే మంచం అగ్గిపెట్టెంత అవుతుంది, పీటంత అవుతుంది, మంచమంత అవుతుంది.

మంచం మీద నాంచారు కళ్ళు తెరవకుండానే పక్కకి జరుగుతుంది.

ఖాళీ అయిన చోటులోకి రెండు మాటలూ ఎక్కి పడుకుంటాయి. పాతది పడుకోగానే నిద్రపోతుంది. ఇక పేరంటాలుకి చోటు లేదు. ఆవిడ మంచం పక్కన నిలబడి వాటికి దుప్పటి కప్పుతుంది. నాంచారు అటు కొస పట్టుకుని సర్దుతుంది. దుప్పటి కింద అవి పెరుగుతున్నాయి. పాదాలు అప్పుడే మంచం దాటి, గోడలోంచి అవతల పేరంటాలు వాటాలోకి వెళ్ళిపోయాయి.