తాళం లాగిన చప్పుడు

జగన్నాధం దగ్గర కొట్టు కొన్నప్పుడు తలుపులు, కాటా, దబ్బనాలు, పాత గోనెల కట్టలు అన్నీ బేరంలో చూసుకున్నాను. కుక్క సంగతి చూసుకోలేదు. కొట్టు నా చేతికి వచ్చిన కొద్ది నెలలకే ఆయన పోయాడు. కుక్క మాత్రం ఎక్కడికీ పోలేదు.

నెల్లిమర్లలో మాది గోనెసంచుల వ్యాపారం. పాత సంచులు కొని, చిరుగులు కుట్టించి, కోతల ముందు రైతులకి అమ్ముతాం. బరువు లేని సరుకు, ఎత్తుకుపోయేవాడికి సులువు. నల్లకుక్క అరుగు మీద పడుకుని ఉంటే ఎవడూ తలుపు వంక చూడడు. ఆ లాభం నాకు మొదటి వారంలోనే అర్థమైంది. అయినా తిండి పెట్టలేదు. తిండి పెడితే మనదవుతుంది, మనదైతే రేపు ఎవరినైనా కరిచినప్పుడు మన మెడకి చుట్టుకుంటుంది. అందుకే పేరు పెట్టి పిలవలేదు, గొలుసు కట్టలేదు. కాపలా మాత్రం తీసుకున్నాను.

ముద్ద వేసేది పక్క కొట్టు హైమ. బట్టలు కుడుతుంది. ఆమె పిల్లి గుడ్డపీలికల బుట్టలో పడుకునేది. ఎండ ముదిరితే మా అరుగు మీదకి వచ్చి గోనెల కట్టెక్కేది. కుక్క దాని పక్కనే వెల్లకిలా దొర్లేది. వాటి స్నేహం బజారంతటికీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికని కొట్టు కట్టి తాళం వేశాను. మెట్లు దిగి సోడా బడ్డీ దాకా వెళ్ళానో లేదో, వెనక మా అరుగు మీద పిల్లి అరిచింది. పసిబిడ్డ ఏడుపనుకుని తిరిగి చూశాను. కుక్క నోట్లో పిల్లి వెనక కాలు ఉంది. హైమ కత్తెరతోనే పరిగెత్తుకొచ్చింది. పిల్లిని తువ్వాల్లో చుట్టి, ఆటోలో గరివిడి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఆ కాలు తీసెయ్యక తప్పలేదు.

తిరిగొచ్చాక పిల్లిని కుట్టుమిషను మీద పడుకోబెట్టి, నా గుమ్మంలోకి వచ్చింది.

"సావుకారు గారూ, మీ కుక్క నా పిల్లి కాలు పీకీసింది. ఏటి సేస్తారు?"

"నా కుక్కేటమ్మా? అది జగన్నాధం గారిది."

"సచ్చిపోయినోడి మీదకి తోసీసేరా? నాది కాదని ఆయనొచ్చి సెప్తాడేటి?"

ఆ మాటకి నా వీపు మీద చెయ్యి పడ్డట్టయింది. వెనక్కి చూశాను. గోనెలు తప్ప ఏమీ లేవు.

మర్నాడు విజయనగరం వెళ్ళి ప్లీడరు రమేష్‌బాబుని కలిశాను. ఎదుటివాళ్ళకంటే ముందు మనం తెలుసుకుని ఉండాలి కదా.

"పెంపుడు జంతువు చట్టం దృష్టిలో ఆస్తి లాంటిదే," అన్నాడాయన. "మీ కుక్క వల్ల ఇంకొకరి ఆస్తికి నష్టం జరిగితే, అది మీ అజాగ్రత్త వల్లేనని తేలితే భర్తీ చెయ్యాలి. కుక్కని మీరు కొన్నారా లేదా అన్నదొక్కటే చూడరు. ఎవరి పోషణలో ఉంది, ఎవరి అదుపులో ఉంది అని కూడా చూస్తారు. దానికి మీద పడే గుణం ఉందని ముందే తెలిసి కట్టెయ్యకపోతే ఇంకా కష్టం."

"ముద్ద వేసేది ఆవిడే."

"అయితే మీకు వాదన ఉంది," అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో ముఖంలో తెలియలేదు.

కోర్టు దాకా ఎందుకని వర్తక సంఘం పెద్ద దేవేంద్ర మా అరుగు మీదే ఇద్దరినీ కూర్చోబెట్టాడు. నా వాదన బయటపెట్టాను. ముద్ద వేసినవాళ్ళదే కుక్క అన్నాను. హైమ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాలు లేని చోట దూది కట్టు.

"ఆకలేసి సూస్తంటే ముద్దెట్టేను. తప్పేటి? మరి కాపలా ఎవులికి కాస్తన్నాది?"

"నేను కాయమన్నానా?"

"అన్నారు. రోజూ అంటన్నారు."

దేవేంద్ర నవ్వాడు. "ఎలాగమ్మా?"

"కొట్టు కట్టీసి తాళం లాగుతారు కదా, అలాగే. జగన్నాధం మావ కూడా అలగే లాగీవోడు. ఆ సప్పుడైతే గుమస్తా లెగుస్తాది. అంతవరకూ నా పిల్లి పక్కనే తొంగుంటాది. ఆ సప్పుడయ్యాక మాత్రం అరుగు మీద ఏదున్నా ఊరుకోదు."

"గుమస్తా ఎవరు?" అన్నాను.

"మీ కుక్కే. జీతం నేని గుమస్తా అనీవోడు మావ."

జగన్నాధం తాళం లాగడం నేను ఏళ్ళ తరబడి ఎదురుగా ఉన్న మా నాన్న కొట్లోంచి చూసినదే. తాళాన్ని గుప్పిట్లో పట్టి ముందుకి గుంజేవాడు. వదిలితే అది రేకుకి ఠంగున తగిలేది. ఆ పైన అరచేత్తో తలుపు మీద చరిచేవాడు. మా నాన్న అలా చేసేవాడు కాదు. ఆ లాగుడు నా చేతికి ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు.

"అదేటో సూసీద్దాం. బావా, ఓపాలి కొట్టు కట్టు," అన్నాడు దేవేంద్ర.

కుక్క రోడ్డవతల తోపుడుబండి కింద పడుకుని ఉంది. నేను తలుపులు మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. లాగలేదు. మెట్లు దిగాను. కుక్క చెవి కూడా కదల్లేదు.

"సూసేవా అమ్మా," అన్నాడు దేవేంద్ర. హైమ పిల్లిని ఎత్తుకుని మెట్టు కిందకి దిగి నిలబడింది.

గెలిచాను. సోడా బడ్డీ దాకా నడిచాను. తాళం పడిందా? అది పాత తాళం, ఒక్కోసారి పడినట్టే ఉండి పడదు. లాగితే గాని తెలియదు. కోతలకి అమ్మాల్సిన సరుకంతా లోపలే ఉంది. అరచేతిలో చీమలు పాకినట్టయింది. ఇంకొక్క అడుగు వెయ్యబోయాను. పడలేదు. వెనక్కి తిరిగాను.

హైమ మెట్టు కింద అలాగే నిలబడి ఉంది. నేను మళ్ళీ వస్తానని ముందే తెలిసినట్టు.

తాళం గుప్పిట్లో పట్టాను. వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో వదిలినట్టు. ఎండకి ఇనుము కాలుతుంది, అంతే అనుకున్నాను. గుంజాను. ఠంగుమంది. చెయ్యి తనంతట తానే తలుపు మీద చరిచింది.

బండి కిందనుంచి కుక్క లేచింది. ఎవరినీ చూడకుండా రోడ్డు దాటి, అరుగెక్కి, నా మోకాలికి ఒకసారి రాసుకుని, గడపకి అడ్డంగా నిలబడింది. రోజూ ముద్ద పెట్టే హైమకి పళ్ళు చూపించింది. పిల్లి ఆమె జాకెట్టులోకి గోళ్ళు దించింది.

దేవేంద్ర నవ్వు ఆగిపోయింది. "బావా, ఇది నీ కుక్కే."

"నాదే," అన్నాను. "ఆసుపత్రి ఖర్చు, ఇకముందు అయ్యేది కూడా నేనే పెట్టుకుంటాను."

"ముందు గొలుసు కొనండి," అంది హైమ.

కొన్నాను. తిండీ నేనే పెడుతున్నాను. తాళం వేసేముందు దాన్ని కట్టి, అరుగు మీద ఏమైనా ఉందేమో చూసి, అప్పుడే లాగుతాను. పిల్లి మూడు కాళ్ళ మీద ఆమె గుమ్మం దాకా వచ్చి కూర్చుంటుంది. అది కుక్కని చూడదు. నా చేతిని చూస్తుంది.

మొన్న మధ్యాహ్నం పట్టుబట్టి లాగకుండా వచ్చేశాను. చెయ్యి జేబులో పెట్టుకుని నడిచాను. సోడా బడ్డీ దగ్గర ఉండగా వెనక ఠంగుమంది. ఆ వెంటనే గొలుసు బిగిసింది.

తిరిగి చూశాను. గుమ్మం ముందు మనిషి లేడు. గుమస్తా గడపకి అడ్డంగా నిలబడి, మెడమీద వెంట్రుకలు లేపి, గొలుసు తెగేలా గుంజుతోంది. పిల్లి కుంటుకుంటూ మిషను కిందకి దూరింది. హైమ గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

వెనక్కి నడిచాను. లాగింది ఎవరైనా, పట్టుకోవాల్సింది నేనే. గొలుసు చేతికి చుట్టుకుని, అది శాంతించేదాకా అరుగు మీద కూర్చున్నాను. తాళం వైపు మాత్రం చూడలేదు.